ఊరి ఆటకు పైసలు: ఇంటింటి చందానా, ఒక్క దాతనా, సర్కారు గ్రాంటా?

వానాకాలం వడ్లు అమ్ముడుపోయి జాతర్ల కాలం దగ్గర పడిందంటే నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే ఉంటుంది. "మా ఊళ్లో చిందోళ్ల ఆట (చిందు యక్షగానం) పెట్టియ్యాలనుకుంటున్నం సార్, పైసలు ఎట్ల?" జనగామ వైపు నుంచి అడుగుతారు, పరకాల నుంచి అడుగుతారు, హుజూరాబాద్ నుంచీ అడుగుతారు. ఒకరికి కావలసింది ఒగ్గు కథ, ఇంకొకరికి ఊరి పిల్లల కోలాటం బృందం. ఏది కావాలన్నా చివరికి ఇక్కడే ఆగుతారు: గడప గడపకూ తిరిగి చందా ఎత్తాలా, ఒక పెద్దమనిషిని పట్టుకోవాలా, లేక గ్రాంటుకు దరఖాస్తు పెట్టాలా?

ఎందులో ఎక్కువ వస్తుందని లెక్క వేసేవాళ్లే చాలామంది. నేను మాత్రం వచ్చే ఏడు మళ్లీ వస్తాయా అని చూస్తాను. ఈ ఏడు యాభై వేలిచ్చి తర్వాత రెండేళ్లు మొహం చాటేసే ఊరి కంటే, ఏటా ఇరవై వేలు ఖాయంగా ఇచ్చే ఊరే మేళానికి మేలు. ఖాయమైన ఊళ్లు ఓ పదిహేను ఉంటే మేళం నడిపే మనిషి కొడుకు కూడా గజ్జె కడతాడు. లేకపోతే హైదరాబాద్‌లో ఆటో నడుపుకుంటాడు. అందులో అతని తప్పేమీ లేదు.

పాత మిరాశి (తరతరాల హక్కు) పద్ధతి బలం కూడా ఈ ఖాయమే. మాదిగలకు చిందు వాళ్లు, పద్మశాలీలకు కూనపులి వాళ్లు, గౌడులకు గౌడజెట్టి వాళ్లు, ముదిరాజులకు కాకిపడగల వాళ్లు కథ చెప్పేవారు. ఏ కుటుంబానికి ఏ ఊళ్లో అనేది ముందే తెలుసు. అన్నదమ్ములు వేరుపడితే పొలంతో పాటు మిరాశి ఊళ్లనూ పంచుకునేవారు. ఆ ఊరికి వెళ్లి అడగడం వాళ్ల హక్కు, ఇవ్వడం పోషించే కులం బాధ్యత. అది కళాపోషణ అని ఎవరూ అనుకోలేదు.

అలాగని దాన్ని మళ్లీ తేవాలని నేననను. చిందు మేళం వాడ బయట గుడారం వేసుకుని, దళితుల్లోనూ కింది మెట్టు మీద నిలబడి తమకు రావలసిన వాటాను (దాన్ని త్యాగం అనేవారు) తాము అడుక్కున్న రోజులవి. ఏటా తప్పకుండా వచ్చిన గింజల వెనుక అంత అవమానమూ ఉంది. కోరుకున్నా అది తిరిగి రాదు కూడా, ఎందుకంటే ఇప్పుడు కల్లమే లేదు. ఒకప్పుడు వడ్లు కల్లంలో రాశిపోస్తే కళాకారుడు అక్కడికే వచ్చి తన వాటా కొలిపించుకుని పోయేవాడు. ఇప్పుడు హార్వెస్టర్ పొలంలో కోసి ట్రాక్టర్లో పోస్తుంది. ట్రాక్టర్ వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌కు పోతుంది. పైసలు రైతు బ్యాంకు ఖాతాలో పడతాయి. కళాకారుడు చెయ్యి చాపడానికి మధ్యలో చోటే లేదు. మేళాలు తగ్గిపోవడానికి టీవీ, సెల్‌ఫోన్ కారణమని అందరూ చెప్తారు కానీ ఈ కల్లం సంగతి ఎవరూ ఎత్తరు.

కాబట్టి మొదట చందా సంగతి. ఊళ్లో నాలుగు వందల గడపలు ఉన్నాయనుకోండి. సగం మంది రెండు వందల చొప్పున ఇచ్చినా నలభై వేలు. మేళం ఫీజు, రెండు పూటల భోజనాలు, మైకు, లైట్లు ఇందులో సరిపెట్టుకోవాలి. కొంచెం ఇరుకే, కానీ సాగుతుంది. పైసలకు మించిన లాభం ఇంకొకటి ఉంది. రెండు వందలు ఇచ్చిన ఇల్లు ఆట చూడటానికి వస్తుంది. తన పైసలతో ఆడుతున్న ఆట కాబట్టి సగంలో లేచిపోదు. కథలో తప్పు పోతే కోప్పడుతుంది కూడా. కళాకారుడికి అలాంటి జనం కావాలి.

చందాలో మీరు జాగ్రత్త పడవలసింది మొదట సమయం గురించి. వడ్ల పైసలు ఖాతాలో పడ్డ వారంలో అడిగితే ఒక జవాబు, ఎరువుల దుకాణం బాకీ తీర్చాక అడిగితే ఇంకో జవాబు. వానాకాలం పంట డబ్బు డిసెంబర్, జనవరిలో చేతికొస్తుంది. ఆటలు మంచిగా నడిచేది సంక్రాంతి దాటాక, ఎండలు ముదరకముందు. రెండూ చక్కగా కలుస్తాయి. ఐనవోలు మల్లన్న, కొమురవెల్లి మల్లన్న జాతర్లు కూడా ఆ రోజుల్లోనే కాబట్టి ఊరి మనసు అటువైపే ఉంటుంది. మల్లన్న కథ చెప్పే ఒగ్గు వాళ్లను మాత్రం జాతర ఆదివారాల్లో పిలవకండి, దొరకరు.

దానికంటే ముఖ్యం, చందా పుస్తకం పట్టుకుని ఎవరు తిరుగుతున్నారనేది. ఒక వాడ కుర్రాళ్లే తిరిగితే చందా ఆ వాడలోనే ఆగిపోతుంది. అన్ని వాడల నుంచి ఒక్కొక్కరు, వాళ్లలో కనీసం ఇద్దరు మహిళా సంఘం సభ్యులు ఉంటే పుస్తకం అన్ని గడపలూ తొక్కుతుంది. మిరాశిలో ఒక కులానికి ఒక మేళం. చందాలో ఊరంతటికీ ఒక మేళం. ఆట పంచాయతీ ఆఫీసు ముందు పడుతుంది, అందరూ ఒకే నేల మీద కూర్చుంటారు. నేను చందా వైపు మొగ్గడానికి సగం కారణం ఇదే, దాచుకోను.

చందాకు చెడ్డ పేరు ఉందన్నదీ నిజమే. వినాయకుడికి చందా, దుర్గమ్మకు చందా, గుడి ప్రహరీకి చందా. ఇస్తే ఆ పైసలు డీజేకు పోతాయని జనానికి అనుమానం. లెక్క చూపించకపోతే రెండో ఏడు తలుపు తెరవరు. అకాల వాన పడి వడ్లు తడిసిన ఏడు అడగడానికి మనకే నోరు రాదు. అలాంటప్పుడు ఊరు విడిచి పోయినవాళ్లు ఆదుకుంటారు. జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉండే ఊళ్లున్నాయి. హనుమకొండ చుట్టూ ఉన్న ఊళ్లలో హైదరాబాద్, అమెరికా పిల్లలు ఎక్కువ. ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక క్యూఆర్ కోడ్ పెడితే వాళ్లు ఐదు వందలు, వెయ్యి వేస్తారు. ఆట రోజు వీడియో పంపమని అడుగుతారు. పంపండి.

ఇక దాత. పని తొందరగా అయ్యేది ఇక్కడే, ఒక్క ఫోన్‌తో లక్ష రావచ్చు. అయితే ఆ లక్షకు ఒక క్యాలెండర్ ఉంటుంది. సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరిలో ముగిశాక ఎన్నికలు 2025 డిసెంబర్ దాకా జరగలేదు. ఆ ఎన్నికల ముందు నెలల్లో ఏ ఊళ్లో చూసినా దాతలే. కోలాటం చీరలు ఒకరు కొన్నారు, డప్పులు ఒకరు కొన్నారు. ఓడినవాళ్లను మళ్లీ అడగండి చూద్దాం. గెలిచినవాళ్లను కూడా.

దాత పైసలతో ఆట పెడితే స్టేజీ ఆయనది అవుతుంది. ఫ్లెక్సీ మీద ఆయన బొమ్మ పెద్దగా, మేళం పేరు కింద చిన్నగా ఉంటుంది. అది పోనీ అనుకుందాం. ఉపన్యాసాలు, శాలువాలు అయ్యేసరికి పది దాటుతుంది. అప్పటిదాకా కళాకారులు ముఖానికి అర్దళం పూసుకుని, కిరీటాలు పక్కన పెట్టుకుని తెర వెనుక కూర్చోవాలి. పిల్లలు నిద్రపోతారు. రాత్రంతా నడవాల్సిన కథను గంటన్నరలో ముగించమంటారు. ఇలాంటి రాత్రులు నేను చూశాను కాబట్టి దాత అనగానే కొంచెం వెనక్కి తగ్గుతాను.

మంచి దాతలు లేరని కాదు. తల్లి పేరు మీదో తండ్రి పేరు మీదో ఏటా ఇంత అని ఇచ్చే కుటుంబాలు ఉన్నాయి. అలాంటి వాళ్లు లక్ష ఇస్తామంటే ఆ ఏడే ఖర్చు పెట్టకండి. సంఘం పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయండి. ఏడాదికి ఆరేడు వేలు వడ్డీ వస్తుంది, మైకు, లైట్ల ఖర్చు వెళ్లిపోతుంది. దాత పేరు కూడా ఒక్క రాత్రి కాకుండా ఏటా వినిపిస్తుంది. ఈ మాట చెప్తే చాలామంది దాతలు ఒప్పుకుంటారు. ఒప్పుకోని వాళ్లకు కావలసింది ఫ్లెక్సీయే అని అర్థం.

సర్కారు గ్రాంటు గురించి ఊళ్లలో రెండు అపోహలున్నాయి. ఏమీ రాదని కొందరు, తెలిసినవాళ్లుంటే లక్షలు వస్తాయని ఇంకొందరు. రెండూ తప్పే. ముందు మీకు రిజిస్టర్ అయిన సంఘం ఉండాలి. మన సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. కేంద్ర సాంస్కృతిక శాఖ పథకాలకైతే సంఘం పెట్టి కొన్నేళ్లయి ఉండాలి, ఆడిట్ అయిన లెక్కలు ఉండాలి, స్వచ్ఛంద సంస్థల దర్పణ్ పోర్టల్‌లో నమోదు ఉండాలి. మంజూరైనా డబ్బంతా ఒకేసారి రాదు. కార్యక్రమం చేసి, ఖర్చు చేసినట్టు సర్టిఫికెట్ పంపాక మిగతాది వస్తుంది. అంటే ముందు ఎవరో ఒకరు చేతి నుంచి పెట్టుకోవాలి. అన్నదమ్ములు, బావమరుదులు కలిసి నడిపే మేళానికి అది అయ్యే పని కాదు. కాగితం పని తెలిసిన ఊరి టీచరో, రిటైరైన గుమాస్తానో తోడుంటేనే అడుగు వేయండి.

వేస్తే ఆట పెట్టించడానికి కాకుండా నేర్పించడానికి అడగండి. గురువుకు, శిష్యులకు నెలనెలా గౌరవ వేతనం ఇచ్చే గురుశిష్య పరంపర పథకం ఉంది. నా లెక్కలో సర్కారు పైసలతో చేయదగ్గ మొదటి పని అదే, ఎందుకంటే పిల్లలకు నేర్పమని ఏ ఊరూ చందా ఇవ్వదు. మేళంలో పెద్దవాళ్లుంటే ఇంకొకటి: 60 ఏళ్లు నిండి ఏడాది ఆదాయం 72 వేలకు మించని కళాకారులకు నెలకు 6 వేల వరకు ఇచ్చే కేంద్ర పథకం. దానికి దరఖాస్తు రాసిపెట్టడం కూడా కళాపోషణే.

తెలంగాణ రాష్ట్రం వచ్చాక సర్కారు సంస్థ సాంస్కృతిక సారథిలో 550 మంది కళాకారులకు ఉద్యోగాలు వచ్చాయి. ఆ ఇళ్లలో పొయ్యి వెలిగింది, అందులో తప్పు పట్టేది లేదు. కానీ వాళ్లు పాడేది ఎక్కువగా సర్కారు పథకాల మీద. మీ ఊరి ఆటకు అది బదులు కాదు. హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రానికి 2014లో పునాది వేస్తే 2024 నవంబర్లో తెరిచారు. భవనానికే అన్నేళ్లు పడితే మేళానికి ఎంత ఓపిక కావాలో చూడండి. అవార్డుల సంగతీ అంతే. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లెకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. జిల్లా అంతా గర్వపడింది. గర్వపడిన ఊళ్లు ఆట కూడా పిలిస్తే ఇంకా బాగుండేది.

మిగతా దారుల గురించి రెండు మాటలు. కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత కింద పెట్టే పైసలు): కళలకు ఇవ్వడానికి చట్టంలో వీలుంది, గోదావరిఖని, రామగుండం వైపు సింగరేణి, ఎన్టీపీసీ ఉన్నాయి. కానీ బడి గదులు, నీళ్ల ప్లాంట్లు ముందు నిలబడతాయి. టిక్కెట్టు: హనుమకొండలో నాటకానికి పెట్టొచ్చు, ఊళ్లో పెడితే ఎవరూ రారు. ఆన్‌లైన్‌లో తెలియనివాళ్ల దగ్గర వసూలు చేసే వేదికలు: ఒకసారి పనిచేస్తాయి.

"అమ్ముకుంటే సరిపోదా, చేర్యాల వాళ్లు అమ్ముకోవట్లేదా?" అని ఒకరు అడిగారు. మంచి ప్రశ్నే. చేర్యాల నకాశీ పటాలు ఒకప్పుడు గజాల పొడవున ఉండేవి. పటం చూపి కథ చెప్పే కులాల వాళ్లే వాటిని గీయించుకునేవారు. ఆ పోషణ ఎండిపోయాక బొమ్మ గోడ మీదికి వచ్చింది, చిన్న ఫ్రేమై, మాస్కై నిలబడింది. జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. గీసే చెయ్యి బతికింది. అయితే పటం ముందు నిలబడి రాత్రంతా కథ చెప్పే గొంతుకు ఆ అమ్మకంతో ఒక్క రూపాయి రాలేదు. చేతికి అందే వస్తువైతే అమ్మండి, చాలా మంచి దారి. ఆటను మాత్రం ఫ్రేము కట్టి అమ్మలేం.

చందాతో పెట్టేవాళ్లు ఆఖరున ఒక పని తప్పక చేయండి. సంక్రాంతి లోపే మేళానికి బయానా ఇచ్చి తేదీ రాయించుకోండి, ఇంకో ఊరికి మాట ఇవ్వకుండా. మిగతా పైసలు ఆట అయిన రాత్రే, జనం లేవకముందే, మేళం పెద్ద చేతికి మైకులో లెక్క చదివి ఇవ్వండి. కమిటీ వాళ్ల జేబుల్లో వారం రోజులు తిరిగితే వచ్చే ఏడు చందా పుస్తకం పట్టుకునే కుర్రాడు దొరకడు.