సోమవారం విశాఖలో దిగకండి: పిల్లలతో వెళ్ళేవాళ్ళకి

ఆర్కే బీచ్‌లో సోమవారం సాయంత్రం సబ్‌మెరైన్ మ్యూజియం గేటు దగ్గర ఓ పది నిమిషాలు నిలబడితే చాలు, మన కుటుంబ యాత్రలు ఎక్కడ చెడతాయో తెలిసిపోతుంది. ఆటోలు వచ్చి ఆగుతూనే ఉంటాయి. పిల్లలు దూకి పరిగెత్తుతారు. గేటుకి తాళం. నాన్న ఫోన్ తీసి చూస్తాడు, అమ్మ నాన్నని చూస్తుంది. సోమవారం మూసేస్తారని ఎక్కించుకునేటప్పుడే ఆటో అతనికి తెలుసు. అడగలేదు కాబట్టి చెప్పలేదు. సరే జూకి పోదామంటే జూకీ సోమవారమే సెలవు. సబ్‌మెరైన్‌కి ఎదురుగా రోడ్డవతల ఉన్న విమానం మ్యూజియానికీ అంతే. శని, ఆది, సోమ కలిపి లాంగ్ వీకెండ్ అనుకుని వచ్చేవాళ్ళందరూ ఈ గుంటలోనే పడతారు.

కాబట్టి సోమవారం తప్పదంటే దాన్ని సింహాచలం అప్పన్నకో, తొట్లకొండ బౌద్ధ క్షేత్రానికో ఇచ్చెయ్యండి. మిగతా రోజుల్లో కూడా సబ్‌మెరైన్ పొద్దున్నే తెరవరు. మంగళవారం నుంచి శనివారం దాకా మధ్యాహ్నం 2 తర్వాతే. ఆదివారం ఒక్కరోజు పొద్దున 10 గంటలకి కూడా తీస్తారు, కానీ ఆ రోజు లైను చూస్తే చాలామంది వెనక్కి తిరుగుతారు. నా ఓటు మంగళవారానికో బుధవారానికో. రెండు కొట్టకముందే వెళ్ళి నిలబడితే మొదటి గుంపులో లోపలికి పోవచ్చు. ఎండ పడేది లైనులోనే కాబట్టి గొడుగు చేతిలో ఉండాలి, బ్యాగులో కాదు.

ఆ సబ్‌మెరైన్, ఐఎన్ఎస్ కుర్సురా, బొమ్మ కాదు. రష్యాలో తయారై, 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో గస్తీ తిరిగి, 2001 ఫిబ్రవరిలో విశ్రాంతి తీసుకున్న అసలు జలాంతర్గామి. 2002 నుంచి ఇసుక మీద ఉంది. పొడవు 91 మీటర్లు, లోపల ఏడు గదులు, 22 టార్పెడోలు పట్టేంత చోటు. మనుషులకి మాత్రం చోటు లేదు. డెబ్బై మందికి పైగా నెలల తరబడి ఎలా ఉన్నారో మంచాల దగ్గర నిలబడితేనే అర్థమవుతుంది. లోపల వివరించేవాళ్ళలో నౌకాదళంలో చేసి రిటైరైనవాళ్ళు ఉంటారు. పిల్లల చేత అడిగించండి: "మీరు స్నానం ఎప్పుడు చేసేవాళ్ళు?" ఆ ఒక్క ప్రశ్నతో బోర్డుల మీద లేని సంగతులన్నీ బయటికొస్తాయి. వెనకనుంచి జనం తోస్తుంటారు కాబట్టి చివరి గదికి చేరేదాకా ఆగకుండా, మొదటి గదిలోనే అడిగించాలి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మనీ, చంకలో పాపాయినీ లోపలికి తీసుకెళ్ళకండి. మెట్లెక్కాలి, వంగి దూరాలి, మధ్యలో వెనక్కి తిరిగే దారి ఉండదు.

రోడ్డవతల టీయూ-142 విమానం దగ్గర పిల్లలకి ఓ లెక్క పెట్టండి. ఇంజన్లెన్ని? నాలుగు. రెక్కల ఫ్యాన్లెన్ని? ఎనిమిది. ఒక్కో ఇంజనుకి ఒకదాని వెనక ఒకటి రెండు ఫ్యాన్లు ఉంటాయి, అవి ఒకదానికొకటి ఎదురు దిశలో తిరుగుతాయి. విమానం 1988 నుంచి 2017 దాకా సముద్రం మీద కాపలా కాసింది. ఓపిక అయిపోయినవాళ్ళు బయటినుంచే చూసినా పెద్దగా నష్టం లేదు.

ఇక గది సంగతి. విశాఖలో డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే. "బీచ్ వ్యూ" అన్న మాటకి బీచ్ రోడ్డులో కనీసం మూడు అర్థాలున్నాయి. కిటికీలోంచి సముద్రం కనిపించడం ఒకటి. బాల్కనీలో ఎడమవైపుకి మెడ సాచితే రెండు బిల్డింగుల మధ్య నీలం గీత కనిపించడం రెండోది. లిఫ్టెక్కి టెర్రస్ మీదికి పోతే కనిపించడం మూడోది. రేటు మాత్రం మూడింటికీ ఒకటే. ఫోటోలు అడగకండి, ఫోటోలు ఎప్పుడూ ఆ ఒక్క మంచి గదివే. గది తలుపు మీద నంబరుతో మొదలుపెట్టి కిటికీ తెర తీసేదాకా ఆపకుండా తీసిన వీడియో వాట్సాప్‌లో పంపమనండి. పంపితే బుక్ చేసుకోండి. "రండి సార్, వచ్చాక చూసుకుందాం" అంటే ఆ గది మీకొద్దు.

రెండో దెబ్బ చెకిన్ వేళ. హైదరాబాదు, విజయవాడ వైపునుంచి వచ్చే రాత్రి రైళ్ళు చాలావరకు తెల్లవారుజామునో పొద్దుటిపూటో దించేస్తాయి. గది మధ్యాహ్నం 12కి. నిద్ర చాలని పిల్లలతో ఆరు గంటలు రిసెప్షన్ సోఫాలో కూర్చున్నాక ఆ రోజు ఎవరి మొహమూ చూడబుద్ధి కాదు. "ఎర్లీ చెకిన్ చూస్తాం" అన్నది హామీ కాదు. గదిలో దిగినప్పటినుంచి 24 గంటల లెక్క ఉన్న లాడ్జీలు రైల్వే స్టేషను, ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండు చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. సముద్రం కనిపించకపోయినా మొదటి రాత్రికి అవే నయం. లేదంటే సామాను స్టేషను క్లోక్‌రూములో పెట్టేసి నేరుగా ఒడ్డుకి వెళ్ళండి. అన్ని బ్యాగులకీ తాళాలుండాలి, తాళం లేనిది తీసుకోరు.

మూడోది పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 రూపాయల దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18. అంటే 7,500 గదికి 375 కలిపి 7,875 అవుతుంది. 7,600 గదికి 1,368 కలిపి 8,968. వంద పెంచినందుకు మీకు పడేది 1,093. సీజన్లో ఫోన్లో చెప్పే రేటు పన్ను కలిపిందా కాదా అని అడిగి, జవాబు మెసేజీలో తీసుకోండి. 12 శాతం పాత లెక్క, ఇంకా అదే చెబితే బిల్లు అడగండి. కిందంతస్తు గదులు ఎంత చవకైనా వద్దు: ఉప్పుగాలికి గోడలు చెమ్మెక్కి, ఏసీ వేసిన పది నిమిషాలకి ముక్కిన వాసన మొదలవుతుంది. ఆస్తమా ఉన్న పిల్లలకి రాత్రంతా దగ్గే.

సముద్రంలో దిగడం గురించి గట్టిగానే చెప్పాలి. ఆర్కే బీచ్ చూడ్డానికి, మరమరాలతో చేసే మురీ మిక్స్చర్ తినడానికి. స్నానానికి కాదు. అక్కడ ఒడ్డు నిలువుగా దిగుతుంది. మోకాలి లోతులో నిలబడ్డ మనిషి ఒక్క అడుగు వేస్తే నీళ్ళు ఛాతీదాకా వస్తాయి, పైగా వెనక్కి మళ్ళే అల కాళ్ళకింద ఇసుక లాగేస్తుంది. యారాడ అందంగా ఉంటుంది, ప్రమాదం అంతకన్నా ఎక్కువ. పిల్లల్ని తడపాలంటే రుషికొండ. శుభ్రంగా, క్షేమంగా ఉన్న బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు బ్లూ ఫ్లాగ్ 2020లో వచ్చిన బీచ్ అది. 2025 మొదట్లో నిర్వహణ బాగాలేదని ఆ గుర్తింపును కొన్నాళ్ళు ఆపి మళ్ళీ ఇచ్చారు. ఈత కోసం హద్దు గీసిన చోటు, లైఫ్‌గార్డులు, బట్టలు మార్చుకునే గదులు ఉన్నాయి. హద్దులోనే ఉండండి. ఏ బీచ్‌లోనైనా అలల మధ్యలో ఒక్కోసారి అలలు విరగకుండా నునుపుగా, ప్రశాంతంగా కనిపించే పాయ ఒకటి ఉంటుంది చూడండి. "ఇక్కడ అలలు లేవు, ఇక్కడ దిగుదాం" అని అమ్మలు ఏరి కోరి పిల్లల్ని దింపేది అక్కడే. ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి పోయే దారి అది. అందులో చిక్కుకుంటే ఒడ్డువైపు ఈదితే అలసిపోవడమే. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, ఆ పాయ దాటాక ఒడ్డుకి మళ్ళాలి. జెల్లీ చేప తగిలితే మంచినీళ్ళు పోసి రుద్దకండి. సముద్రపు నీళ్ళతోనే కడిగి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

పైసా ఖర్చు లేకుండా పిల్లలు అన్నిటికన్నా ఎక్కువసేపు కదలకుండా కూర్చునేది మాత్రం రాళ్ళ దగ్గర. తెన్నేటి పార్కు కింద, జోడుగుళ్ళపాలెం దగ్గర, మంగమారిపేటలో సహజ శిలాతోరణం పక్కన నీళ్ళు దిగినప్పుడు బండరాళ్ళ మధ్య చిన్న చిన్న గుంటలు మిగులుతాయి. అమావాస్యకి, పున్నమికి తర్వాత ఒకటి రెండు రోజుల్లో నీళ్ళు బాగా లోపలికి పోతాయి. ఆటుపోట్ల పట్టిక ఫోన్లో చూసుకుని, నీళ్ళు పూర్తిగా దిగే వేళకి ఓ గంట ముందు చేరాలి, దిగిన గంటలోపు పైకి వచ్చెయ్యాలి. రోజు మారితే ఆ వేళ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నిన్నటి టైముకి ఇవాళ వెళ్తే సగమే కనిపిస్తుంది.

హవాయి చెప్పులు పనికిరావు. పచ్చని పాచి మీద జారతాయి, రాళ్ళకి అతుక్కున్న చిన్న గుల్లలు బ్లేడుల్లా కోస్తాయి. వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులో పాత బూట్లో వేయించండి. గుంట దగ్గర గొంతుకు కూర్చోవాలి, నీడ నీళ్ళమీద పడకూడదు. మొదటి నిమిషం ఏమీ ఉండదు. రెండో నిమిషంలో గవ్వ ఒకటి నడవడం మొదలుపెడుతుంది. గవ్వ కాదు, దాంట్లో కాపురమున్న పీత. ముందు రెండు మీసాలు బయటికొస్తాయి, తర్వాత ఒక డెక్క, మీ పిల్ల ఊపిరి వదిలితే మళ్ళీ లోపలికి. పక్కనే పువ్వులా విచ్చుకుని ఉండేది పువ్వు కాదు, జంతువే. ఏదీ చేత్తో తీయనివ్వకండి, రాళ్ళు తిరగేయనివ్వకండి. ముఖ్యంగా కోను ఆకారంలో, నగిషీ చెక్కినట్టుండే శంఖాలు: లోపల ప్రాణి బతికుంటే విషపు ముల్లు గుచ్చుతుంది.

ఎర్రమట్టి దిబ్బలు భీమిలి దారిలో. పొద్దున్న ఏడులోపు చూసేయండి, ఆ తర్వాత నీడ అన్నది లేదు, నీళ్ళు అమ్మేవాళ్ళూ ఉండరు. తెల్ల బట్టలు వెయ్యకండి, ఆ ఎరుపు ఓ పట్టాన వదలదు. దిబ్బల అంచులెక్కి ఫోటోలు దిగకండి, అవి వదులు ఇసుకే. దేశంలో గుర్తించిన భూవారసత్వ స్థలాల్లో ఇదొకటి. మన పాదాలకింద రాలిపోతోంది. అక్కడినుంచి తిరిగొస్తూ తొట్లకొండ: బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు. 1988 నుంచి 1993 దాకా తవ్వి తీశారు. కారు పైదాకా వెళ్తుంది, అమ్మమ్మ కూడా రావచ్చు.

తిండి దగ్గర ఒక్క సంగతి తెలిస్తే చాలు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. మన బడుల వేసవి సెలవులు ఇంచుమించు మొత్తం ఇందులోనే. ఆ రోజుల్లో హోటల్లో "ఇప్పుడే వచ్చిన వంజరం" అంటే, వచ్చింది ఐసులోంచి. తెడ్డు పడవలకి నిషేధం లేదు కాబట్టి ఒడ్డున దొరికే చిన్న చేపలు తాజావే, చెరువు రొయ్యలకీ ఢోకా లేదు. ఆ సీజన్లో వంజరం మానేసి ముంజలు తినండి. చలికాలంలో వెళ్తే ఫిషింగ్ హార్బరుకి తెల్లవారుజామున పోయి వేలంపాట చూడండి. పిల్లలకి పండగే, వాసనకి తట్టుకోలేని పెద్దవాళ్ళని మాత్రం గదిలోనే వదిలెయ్యండి.

ఆర్కే బీచ్‌లో ఫోటోగ్రాఫర్లతో జాగ్రత్త. "కాపీ 20 రూపాయలే సార్, నచ్చితేనే తీసుకోండి" అంటాడు. వరసగా నలభై కొడతాడు. ఫోన్లోకి ఎక్కించేశాక నచ్చడం, నచ్చకపోవడం ఉండదు, ఎనిమిది వందలే. నాలుగే అని ముందే చెప్పి, నాలుగయ్యాక పక్కకి వచ్చెయ్యండి. గుర్రం ఎక్కించేముందు ఎక్కడిదాకా తిప్పుతాడో వేలితో చూపించమనండి.

మార్చి నుంచి మే మధ్య వెళ్తే అటవీశాఖ వాళ్ళు తీరంలో పెట్టిన తాబేళ్ళ గుడ్ల సంరక్షణ కేంద్రం దగ్గర ముందురోజు సాయంత్రమే అడిగి ఉంచండి. గుడ్లు పగిలి ఆలివ్ రిడ్లీ తాబేలు పిల్లలు బయటికొస్తే తెల్లవారుజామున సముద్రంలోకి వదులుతారు. ఏ రోజని ముందే చెప్పడం వాళ్ళవల్ల కూడా కాదు, గుడ్లు చెప్పాలి. వెళ్తే ఫ్లాష్ ఆపండి, వాటికీ నీళ్ళకీ మధ్య నిలబడకండి, ఎత్తి నీళ్ళలో వెయ్యకండి. ఆ ఇసుక మీద పాక్కుంటూ పోవడం వాటికి అవసరం.

భీమిలికి కారు మాట్లాడుకోనక్కర్లేదు. బీచ్ రోడ్డు మీదుగా 900కె సిటీ బస్సు ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలో ఆడవాళ్ళకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్ ఉచితం, అయితే అది ఏపీ వాళ్ళకే, గుర్తింపు కార్డు చూపించాలి. తెలంగాణ నుంచి వచ్చిన అక్కలు చిల్లర దగ్గర పెట్టుకోవాలి. వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ, వచ్చేటప్పుడు ఎడమవైపు. అటూ ఇటూ మారితే పిల్లలకి ఊరంతా గోడలే కనిపిస్తాయి.