పావుగంట ఆపరేషన్, నెల రోజుల చుక్కలు: చెన్నైలో శుక్లం ప్యాకేజీలపై ఒక సమీక్ష

చెన్నైలో కంటి పొర (శుక్లం) తీయించుకోవాలంటే ఆసుపత్రులకు కరువు లేదు. ఎగ్మూరు ప్రభుత్వ కంటాసుపత్రి 1819 నాటిది. శంకర నేత్రాలయ 1978లో మొదలైంది. మదురైలో పుట్టిన అరవింద్‌కు పూనమల్లి హైరోడ్డు మీద పెద్ద ఆసుపత్రి ఉంది. ఇవిగాక పేటకొకటి ప్రైవేటువి. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చేవాళ్ళూ, తరాలుగా ఇక్కడే స్థిరపడిన మనవాళ్ళూ ఇక్కడికే వస్తారు. ఈ సమీక్ష ఏ ఒక్క ఆసుపత్రి గురించీ కాదు. కౌన్సెలింగ్ గదిలో మన ముందు పెట్టే ప్యాకేజీలో ఏముంటుంది, దేనికి డబ్బు పెట్టొచ్చు, ఎక్కడ దెబ్బ తింటాం అన్నదే ఇక్కడ విషయం.

అందరూ బేరమాడేది లెన్స్ మీద. కానీ చూపు ఎంత బాగా వస్తుందన్నది ఎక్కువగా రెండిటి మీద ఆధారపడుతుంది: ఆపరేషన్‌కు ముందు తీసే కొలతలు, తర్వాత ఇంట్లో వేసే చుక్కలు. మా మార్కులన్నీ ఈ రెండిటికే.

కొలతల సంగతి చూద్దాం. కంటి గుడ్డు పొడవు, నల్లగుడ్డు మీది పారదర్శక పొర వంపు, ఈ రెండూ కలిపి లెన్స్ పవర్ లెక్కకడతారు. గుడ్డు పొడవు మామూలుగా 23 - 24 మిల్లీమీటర్లు. అందులో ఒక్క మిల్లీమీటరు తప్పితే పవర్ దాదాపు 2.5 నుంచి 3 డయాప్టర్లు (అద్దాల నంబరు కొలిచే లెక్క) తప్పుతుంది. అంటే ఎంత ఖరీదైన లెన్స్ వేసినా మళ్ళీ మందపాటి అద్దాలే. కాంతితో కొలిచే యంత్రం ఉన్నచోట కంటికి ఏదీ తగలకుండానే కొలత వస్తుంది. పొర బాగా ముదిరితే కాంతి లోపలికి పోదు, అప్పుడు అల్ట్రాసౌండ్ ఏ-స్కాన్ చేస్తారు. ఆ స్కాన్‌లో గొట్టాన్ని నేరుగా కంటికి ఆనిస్తే గుడ్డు కాస్త నొక్కుకుపోయి పొడవు తక్కువగా వస్తుంది. మధ్యలో ద్రవం నింపి తీసే పద్ధతి మేలు. ఏ పద్ధతిలో కొలిచారు, రెండు కళ్ళ కొలతలకీ పెద్ద తేడా ఉంటే మళ్ళీ తీశారా అని అడగండి. ఓపిగ్గా చెప్పే చోట మార్కులు వేసేయొచ్చు. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్ళు ముందే ఆ మాట చెప్పాలి. మెత్తనివైతే వారం పది రోజులు, గట్టివైతే మూడు వారాలు తీసేస్తే గానీ వంపు కొలత నికరంగా రాదు. కళ్ళు పొడిబారినవాళ్ళకీ ఇదే ఇబ్బంది, ముందు దానికి చుక్కలు వాడి ఆ తర్వాత కొలిపించుకోవాలి.

'ముదరనివ్వండి, అప్పుడు తీద్దాం' అన్నది పాతకాలపు మాట. ముదిరిన పొర రాయిలా గట్టిపడుతుంది. దాన్ని పగలగొట్టడానికి ఫేకో యంత్రం (అల్ట్రాసౌండ్‌తో పొరను ముక్కలు చేసి పీల్చేది) ఎక్కువ శక్తి వాడాలి, ఆ వేడికీ ఒత్తిడికీ నల్లగుడ్డు మీది పారదర్శక పొర వాస్తుంది. రోజువారీ పనికి చూపు అడ్డం వస్తోందంటే అదే సమయం.

ఇక లెన్సుల పట్టిక. మోనోఫోకల్ ఒక్క దూరానికి పనిచేస్తుంది, మామూలుగా దూరపు చూపుకి పెడతారు, చదవడానికి అద్దాలు తప్పవు. చాలామందికి ఇదే చాలు. మల్టీఫోకల్ లెన్స్ దూరానికీ దగ్గరకీ పనిచేసి అద్దాల అవసరం తగ్గిస్తుంది కానీ కాంతిని పంచుకుంటుంది కాబట్టి రాత్రిపూట ఎదురొచ్చే బండి లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయి, మసక వెలుతురులో స్పష్టత తగ్గుతుంది. షుగరు వల్ల రెటీనా దెబ్బతిన్నవాళ్ళకీ, నీటికాసులు (గ్లకోమా) ఉన్నవాళ్ళకీ దాన్ని అమ్మజూస్తే ఒప్పుకోకండి. టోరిక్ లెన్స్ సిలిండర్ పవర్ ఎక్కువున్నవాళ్ళకి నిజంగా ఉపయోగం. అయితే అది లోపల ఒక్క డిగ్రీ తిరిగితే సరిదిద్దే శక్తిలో సుమారు 3.3 శాతం పోతుంది, 30 డిగ్రీలు తిరిగితే ఏమీ మిగలదు. పడుకుంటే కన్ను కొద్దిగా మెలి తిరుగుతుంది కాబట్టి కూర్చోబెట్టే గుర్తు పెట్టాలి. ఏ రకమైనా హైడ్రోఫోబిక్ అక్రిలిక్ (నీరు పీల్చని ప్లాస్టిక్ రకం), గుండ్రంగా కాక చతురస్రంగా కోసిన అంచు (స్క్వేర్ ఎడ్జ్) ఉన్నది అడగండి, తర్వాత వెనక పొర మసకబారే అవకాశం తక్కువ. 'ఇంపోర్టెడ్' అన్న మాటకే అదనంగా డబ్బు కట్టనక్కర్లేదు. మదురైలో ఆరోల్యాబ్ 1992 నుంచి లెన్సులు తయారు చేస్తోంది.

ఒక మాట చాలామంది కౌన్సెలర్లు అడగరు. మైనస్ పవర్ ఉండి, ఇన్నేళ్ళూ అద్దాలు తీసేసి పుస్తకం దగ్గరగా పట్టుకుని చదివినవాళ్ళకి దూరపు చూపుకి లెన్స్ పెడితే ఆ అలవాటు పోతుంది. పారాయణ చేసే పెద్దవాళ్ళూ, పూలు కట్టేవాళ్ళూ, కుట్టుపనివాళ్ళూ ఆపరేషన్ అయ్యాక ఇది గమనించి బాధపడతారు. దగ్గర చూపు ఉంచమని ముందే అడగొచ్చు.

మందుల పట్టీ తప్పకుండా తీసుకెళ్ళండి. ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ వాడుతున్నా, ఎప్పుడో వాడి మానేసినా, డాక్టరుకు తెలియాలి. ఆ మందు వల్ల కనుపాప చుట్టూ ఉండే ఐరిస్ వదులై ఆపరేషన్‌లో రెపరెపలాడుతుంది, కనుపాప సరిగా విప్పారదు. ముందే తెలిస్తే సర్జన్ తగిన ఏర్పాటు చేసుకుంటారు. రక్తం పలచబడే మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. కన్నీటి నాళంలోకి నీరు ఎక్కించి చూసే పరీక్ష కొందరికి అనవసరంగా తోస్తుంది. నాళం మూసుకుపోయి సంచిలో చీముంటే అది లోపలికి పాకే ప్రమాదం ఉంది, అందుకే ఆ పరీక్ష.

ఆపరేషన్ ముందురోజు తలంటుకోండి, మళ్ళీ వారం పది రోజులు కుదరదు. ఆపరేషన్ రోజు నూనె రాయకూడదు, కాటుక, కుంకుమ, విభూతి ఏవీ వద్దు. ముక్కుపుడక తీసేయాలి. బీపీ మాత్ర, షుగరు మందు, టిఫిన్ విషయంలో ఆసుపత్రి చెప్పిందే పాటించండి. ఇంటి దగ్గర రెండు మూడు రోజులు, ముఖం మీద పల్చటి గుడ్డ కప్పుకుని వెల్లకిలా ఇరవై నిమిషాలు కదలకుండా పడుకుని చూడండి. దగ్గు వచ్చినా, ఆయాసం వచ్చినా, నడుం నొప్పెట్టినా ముందే చెప్పేయొచ్చు. కన్ను తెరిచి ఉండగా దగ్గడం మంచిది కాదు.

చెన్నైలో మనవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఏ కన్ను అన్న ప్రశ్న గురించి. తమిళంలో కుడి అంటే 'వలదు', ఎడమ అంటే 'ఇడదు'. నర్సు 'వలదు కణ్ణా?' అని అడిగితే తెలుగు పెద్దావిడ వద్దా అని అడుగుతోందనుకుని తల అడ్డంగా ఊపుతుంది. చేత్తో ఆ కన్ను చూపించమని పెద్దవాళ్ళకి ముందే నేర్పండి. కనుబొమ్మ పైన పెట్టిన గుర్తు, చేతి పట్టీ మీద రాసినది, కేసు షీటులో ఉన్నది మూడూ ఒకటేనా అని లోపలికి తీసుకెళ్ళేముందు చూసుకోవాలి.

థియేటర్‌లో జరిగేది తక్కువ సేపే. చుక్కలతోనో, కంటి పక్కన ఇంజెక్షన్‌తోనో మొద్దుబారుస్తారు. పావిడోన్ అయోడిన్ అనే క్రిమినాశకంతో శుభ్రం చేస్తారు. ఇన్‌ఫెక్షన్ ఆపడంలో దానిది పెద్ద పాత్ర. 2.2 నుంచి 2.8 మిల్లీమీటర్ల కోత, మడిచిన లెన్స్, కుట్టు లేకుండా ముగింపు. ముదిరిన పొరకి 6 - 7 మిల్లీమీటర్ల కోతతో యంత్రం లేకుండా తీసే పద్ధతి కూడా మంచిదే, దాన్ని తక్కువ రకంగా చూడొద్దు.

ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే సంచీలో నల్లద్దాలు, ప్లాస్టిక్ షీల్డు, టేపు, చుక్కల మందులు ఉంటాయి. షీల్డుకి పూర్తి మార్కులు. నిద్రలో చెయ్యి కంటికి తగలకుండా వారం రోజులైనా రాత్రిళ్ళు కట్టుకోవాలి. అంచులు నుదుటి ఎముకకీ బుగ్గ ఎముకకీ ఆనాలి, రెప్పకి ఆనకూడదు. నల్లద్దాలు చాలాచోట్ల ఒకటే సైజువి, సన్నటి ముఖాలకి జారిపోతాయి. పక్కలు మూసినవి బయట కొనుక్కోవచ్చు. టేపు మాత్రం చెన్నై చెమటకి గంటలో ఊడుతుంది. నుదురు ఆరగా తుడిచి, కొసలు ఒక అంగుళం మడిచి అంటించండి.

చుక్కల దగ్గరే అసలు పని. మామూలుగా మూడు సీసాలు: యాంటీబయాటిక్, స్టెరాయిడ్, వాపు తగ్గించే మందు. స్టెరాయిడ్ చాలాసార్లు ప్రెడ్నిసొలోన్ ఎసిటేట్. అది నీటిలో కరగదు, పొడి అడుగున పేరుకుంటుంది. తెల్లటి పాలలా అయ్యేదాకా కుదపకపోతే మొదటి వారం నీళ్ళు, ఆఖరి వారం మందు పడుతుంది. కంటి కింది జేబులో పట్టేది సుమారు 30 మైక్రోలీటర్లు, సీసా నుంచి రాలే చుక్క దాదాపు 40 - 50. అంటే ఒక్క చుక్కే నిండిపోతుంది. రెండో చుక్క బుగ్గ మీదికే. అందుకే ఒక మందుకీ ఇంకో మందుకీ ఐదు నిమిషాలు ఆగాలి. వేసే మనిషి సబ్బుతో చేతులు కడుక్కుని, కింది రెప్పని మెల్లగా కిందికి లాగి, సీసా మూతిని అంగుళం ఎత్తున పట్టుకోవాలి. మూతి రెప్పకి తగిలితే ఆ సీసా పాడైనట్టే. తర్వాత కన్ను మూసి ముక్కు పక్కనున్న మూలని వేలితో నిమిషం పాటు నొక్కి పట్టుకుంటే మందు గొంతులోకి జారదు.

రోజుకి నాలుగుసార్లతో మొదలై వారానికొకటి తగ్గే పట్టీ అనుకుందాం. 28, 21, 14, 7, మొత్తం 70 చుక్కలు. 5 మిల్లీలీటర్ల సీసాలో సుమారు నూరు చుక్కలుంటాయి. పది రోజులకే సీసా ఖాళీ అయితే రెండు మూడు చుక్కలు పోస్తున్నారని, నెల తర్వాత సగం మిగిలితే మరిచిపోతున్నారని అర్థం. మీ పట్టీ వేరేలా ఉంటే అదే లెక్క వేసుకోండి. నాకు తగ్గిపోయిందని స్టెరాయిడ్ ఒక్కసారిగా మానేస్తే వాపు తిరగబెడుతుంది. డాక్టరు చెప్పిన గడువు దాటి వాడితే కంటి లోపలి ఒత్తిడి పెరగొచ్చు. తెరిచిన నెల తర్వాత సీసా పారేయాలి.

ప్యాకేజీల్లో మాకు బాగా కష్టం కలిగించేది ఈ పట్టీయే. తమిళంలోనో ఇంగ్లీషులోనో అచ్చేసి ఇస్తారు, తెలుగులో దొరకడం అరుదు. ఇంటికి వెళ్ళాక అమ్మకి అర్థం కాదు, పిల్లలు ఆఫీసులో ఉంటారు. డిశ్చార్జి కాగితాలు సర్దకముందే నర్సు చేత ఒక్కొక్క మందూ చెప్పించుకుని తెలుగులో రాసుకోండి. సీసాలకి వేరు వేరు రంగుల రబ్బరుబ్యాండ్లు వేయండి. బయట మందుల షాపులో కొంటే పేరు చివరి అక్షరాలు జాగ్రత్త. ఉత్త మోక్సిఫ్లాక్సాసిన్ (యాంటీబయాటిక్) లేదని దానికి స్టెరాయిడ్ కలిసిన సీసా ఇస్తే రెండు స్టెరాయిడ్లు పడతాయి. పైనున్న బ్రాండు పేరుకంటే కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి.

మొదటి వారం మెడ నుంచి కిందికే స్నానం. ముఖం తడిగుడ్డతో. బోరు నీళ్ళు కంట్లో పడనివ్వొద్దు. కన్ను తుడవాలంటే పది నిమిషాలు మరిగించి చల్లార్చిన నీళ్ళలో దూది, ముక్కు వైపు నుంచి చెవి వైపుకి ఒక్కసారి, ఆ దూది పారేయాలి. డాక్టరు ఒప్పుకున్నాక తలస్నానం చేసినా తల వెనక్కి వాల్చి ఇంకొకరు పోయాలి. పోపు పొగకి దూరం. నిండు బిందె ఎత్తడం వద్దు. టీవీ, ఫోను చూడొచ్చు, వాటివల్ల కంటికి నష్టం లేదు.

కొద్దిగా ఇసుక పడినట్టు ఉండడం, నీరు కారడం, తెల్లవి నీలంగా కనిపించడం మామూలే. నొప్పి రోజురోజుకీ పెరుగుతున్నా, వచ్చిన చూపు తగ్గుతున్నా, ఎర్రబడి చీము వస్తున్నా అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు. చాలాసార్లు మొదటి వారంలోనే బయటపడుతుంది, గంటలు లెక్కే. నెల్లూరు వెళ్ళిపోయాక ఇది కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలో, రాత్రి ఎవరు ఎత్తుతారో ఆసుపత్రిలోనే అడిగి నంబరు రాయించుకోండి. ఆ నంబరు ఇవ్వని ప్యాకేజీ ఎంత చవకైనా వద్దు. దూరం నుంచి వచ్చేవాళ్ళు మర్నాటి చెకప్ అయ్యాకే బయల్దేరాలి.

రెండో కన్ను ఆపరేషన్‌కి మధ్య రోజుల్లో పాత అద్దాలతో తల తిరుగుతుంది. ఆపరేషన్ అయిన కంటి వైపు అద్దం షాపులో తీయించేసుకుంటే తేలికవుతుంది. కొత్త అద్దాల నంబరు నాలుగు నుంచి ఆరు వారాలకి గానీ నిలవదు, ముందే చేయించుకుంటే దండగ.

ఇన్సూరెన్సులో శుక్లానికి చాలా పాలసీల్లో రెండేళ్ళ వెయిటింగ్, కంటికింత అని పరిమితి ఉంటాయి. ఆరోగ్య సంజీవని పాలసీలో అది కంటికి 40,000 రూపాయలు లేదా బీమా మొత్తంలో 25 శాతం, ఏది తక్కువైతే అది. మల్టీఫోకల్ తేడా డబ్బు మీ జేబులోంచే పోతుందనుకుని లెక్క వేసుకోండి. చుక్కల మందులు, స్కాన్‌లు, ముందుముందు అవసరమైతే చేసే యాగ్ లేజర్ ప్యాకేజీలో ఉన్నాయో లేవో కాగితం మీద రాయించుకోండి. ఆ లేజర్ అవసరం కొందరికి నెలలకో ఏళ్ళకో వస్తుంది. శుక్లం మళ్ళీ వచ్చిందని కంగారు పడతారు గానీ అది లెన్స్ వెనకున్న పొర మసకబారడమే, కొద్ది నిమిషాల్లో సరిచేస్తారు. అప్పుడు ఏ ఆసుపత్రికి వెళ్ళినా పనికొచ్చేది డిశ్చార్జి కార్డు మీద అంటించిన లెన్స్ స్టిక్కరు. పవర్, మోడల్, సీరియల్ నంబరు అందులోనే ఉంటాయి. ఆ రోజే ఫోటో తీసి కుటుంబంలో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. వేడికి ఆ అచ్చు వెలిసిపోతుంది.