వజ్రంలో ‘హెచ్’ కనబడగానే హైసీ ధర పెట్టకండి

ఒహాయో వైపు ఎస్టేట్ సేల్స్‌లోనో, ఆన్‌లైన్ వేలాల్లోనో పాత రంగు గాజు కొవ్వొత్తి స్టాండ్లు కొనే మనవాళ్లు కాస్త చూసుకోండి. ఈమధ్య ఒక జత ‘1930ల నాటి అరుదైన హైసీ’ (ఒహాయోలోని పాత గాజు కంపెనీ) అని అమ్ముడైంది. గోధుమరంగులో మీగడ చారలు తిరిగిన స్లాగ్ గాజు, దానిమీద వజ్రపు గడిలో హెచ్, అంటే హైసీ ముద్ర. ముద్ర నిఖార్సైనదే, సరుకే హైసీది కాదు. వాపసు అడిగితే ‘ముద్ర ఉందిగా’ అని జవాబు.

మెలిక అచ్చుల్లో ఉంది. న్యూఆర్క్‌లోని హైసీ ఫ్యాక్టరీ 1957లో మూతపడింది. మరుసటి ఏడాదే బెలేర్‌లోని ఇంపీరియల్ గాజు కంపెనీ ఆ అచ్చులు కొనేసింది. చాలా అచ్చుల్లో హెచ్ చెక్కే ఉంది కాబట్టి ఏళ్లతరబడి ఇంపీరియల్ గాజు మీదా అదే పడింది. హైసీ స్లాగ్ గాజు చెయ్యనే లేదు. ముద్రను బట్టి అచ్చు ఎవరిదో తెలుస్తుంది. గాజు ఎవరు పోశారో తేల్చడానికి ముందు రంగు చూడాలి. పైగా అసలు హైసీ సరుకులో ముద్ర లేనివీ బోలెడు.

రంగు పేర్లతోనూ బురిడీ కొట్టిస్తారు. లేత ఊదా గాజు ట్యూబ్‌లైటు కింద నీలంగా మారితే చాలు, ‘హైసీ అలెగ్జాండ్రైట్’ అని రాసేస్తారు. అది గాజులో కలిపిన నియోడిమియం చేసే పని. టిఫిన్ కంపెనీ ట్వైలైట్, ఫోస్టోరియా విస్టేరియా, కేంబ్రిడ్జ్ హెదర్‌బ్లూమ్ లాంటి వేరే కంపెనీల రంగులు కూడా అలాగే మారతాయి. యూవీ టార్చి కింద పచ్చగా భగ్గుమంటే యురేనియం ఉన్నట్టు, అంతే. తయారీదారు పేరు టార్చి చెప్పదు. కానీ టార్చి వెంట ఉంచుకోండి: కాడ విరిగితే ఎపాక్సీ జిగురుతో అతికించిన చోట గాజుకు భిన్నంగా సన్నటి గీత తరచూ మెరుస్తుంది.

అడుగు అంచును ఏటవాలు వెలుతురులో చూడండి. బల్లమీద దశాబ్దాలు జరిగితే పడే గీతలు పొడుగూ పొట్టీ, అడ్డదిడ్డంగా, నేలకు ఆనే చోటే ఉంటాయి. అన్నీ ఒకే వైపుకి, ఒకే లోతులో ఉంటే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే.

ఫొటోలు తెల్ల కాగితం మీద, పగటి వెలుతురులో తీసి పంపమనండి. ఎత్తు, అడుగు వెడల్పు స్కేలు పెట్టి కొలిపించి, మళ్లీ అచ్చువేసిన పాత హైసీ కేటలాగ్‌లోని కొలతలతో సరిచూడండి. జత అంటే రెండూ విడివిడిగా కొలిపించాలి.

డబ్బు కట్టేముందు ‘హైసీ తయారీ, ఇంపీరియల్ కాదు, తేడా వస్తే వాపసు’ అని రాసివ్వమని అడగండి. ‘హైసీ అచ్చు’ అనో, ‘హైసీ స్టైల్’ అనో మాట మారిస్తే అది ఇంపీరియల్ ధరకే బేరం.