కేటీ బాటా, అలెఘేనీ బాటా: స్థానిక చరిత్ర కోసం సైకిలెక్కేవారికి ఏది మేలు?

రైళ్ళు ఆగిపోయి, పట్టాలు ఊడదీసిన మార్గాలను సైకిలు బాటలుగా మార్చే పని అమెరికాలో చాలా చోట్ల జరిగింది. వాటిలో దూరప్రయాణానికి అందరూ ముందుగా చెప్పుకునేవి రెండు. మిజోరీ రాష్ట్రంలో మేచెన్స్ నుంచి క్లింటన్ వరకు దాదాపు 240 మైళ్ళు సాగే కేటీ ట్రెయిల్ ఒకటి. పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్ నుంచి మేరీలాండ్‌లోని కంబర్లాండ్ వరకు 150 మైళ్ళు సాగే గ్రేట్ అలెఘేనీ ప్యాసేజ్ రెండోది. సెయింట్ లూయిస్, కేన్సస్ సిటీ ప్రాంతాల తెలుగువారికి మొదటిది దగ్గర. పిట్స్‌బర్గ్ శివారులోని పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడికి ఏటా వెళ్ళివచ్చే కుటుంబాలకు రెండోది చేతికందే దూరం. రెండింటి మీదా సైకిలు తొక్కాను. ఏది అందంగా ఉంటుంది, ఏది సులువు అన్న ప్రశ్నలకు జవాబులు ఎక్కడైనా దొరుకుతాయి. నేను తూచదలచుకున్నది వేరు. ఒక ప్రాంతపు మనుషులు ఎలా బతికారో, ఏం పని చేశారో, ఎందుకు వచ్చి ఎందుకు వెళ్ళిపోయారో సైకిలు మీద నుంచే తెలుసుకోవాలంటే ఏ బాట ఎక్కువ చెబుతుంది?

ముందుగా రెండింటికీ ఉన్న ఒక పోలిక చెప్పాలి, ఎందుకంటే మిగిలినదంతా దాని మీదే నిలబడుతుంది. ఈ రెండు మార్గాలూ ఆలస్యంగా వచ్చి పోటీలో ఓడిపోయినవే. మిజోరీ నదికి దక్షిణపు ఒడ్డున రైలుమార్గం 1855కే జెఫర్సన్ సిటీకి చేరింది. మిజోరీ–కేన్సస్–టెక్సస్ రైల్‌రోడ్, అంటే జనం ముద్దుగా కేటీ అని పిలుచుకున్న కంపెనీ, 1890ల తొలి ఏళ్ళలో సెయింట్ లూయిస్ వైపు వచ్చేసరికి మిగిలింది ఉత్తరపు ఒడ్డు, అదీ చాలావరకు వరద ముంచెత్తే లంక నేల. పెన్సిల్వేనియాలోనూ అదే కథ. బాల్టిమోర్ అండ్ ఒహాయో మార్గం 1871లోనే కంబర్లాండ్‌ను పిట్స్‌బర్గ్‌తో కలిపింది. వెస్టర్న్ మేరీలాండ్ కంపెనీ 1910–1912 మధ్య కానెల్స్‌విల్ వరకు మార్గం వేసేనాటికి మంచి ఒడ్డు ఎదుటివాడి చేతిలో ఉంది. తర్వాతి కాలంలో ఆ రెండు కంపెనీలూ ఒకే యాజమాన్యం కిందికి రావడంతో, పక్కపక్కన రెండు దారులు ఎందుకన్న ప్రశ్న తలెత్తి, 1975లో వెస్టర్న్ మేరీలాండ్ మార్గాన్ని మూసేశారు. కేటీని 1986 వరదలు మూయించాయి. ఈనాటికీ రెండు చోట్లా సైకిలు తొక్కుతుంటే నది అవతలి ఒడ్డున గూడ్సు బండి కూత వినిపిస్తుంది. గెలిచిన దారి మీద బళ్ళు నడుస్తున్నాయి, ఓడిన దారి మీద మనం నడుస్తున్నాం. నల్లమలలో మీటర్ గేజి పోయి బ్రాడ్‌గేజి వచ్చాక వదిలేసిన దొరబావి వంతెనను చూసినవారికి ఈ భావన కొత్తగా ఉండదు.

అయితే ఆలస్యంగా రావడం వల్ల కలిగిన ఫలితం రెండు చోట్లా ఒకటి కాదు. చరిత్రను వెతికేవారికి తేడా అక్కడే మొదలవుతుంది.

కేటీ దారికి నది పక్కన చదునైన నేల దొరికింది కాబట్టి కట్టడాల అవసరం పెద్దగా పడలేదు. రోష్‌పోర్ట్ దగ్గర 1893 నాటి 243 అడుగుల సొరంగం ఒకటే ఆ కంపెనీ మొత్తం మార్గంలో ఉన్న సొరంగం. లోపల వంపు తిరిగిన రాతి కప్పు కింద సైకిలు దిగి, గోడ మీద చెయ్యి వేసి నిలబడితే, ఎండాకాలంలో కూడా రాయి చల్లగా, చెమ్మగా తగులుతుంది. ఆవిరి ఇంజన్ల కాలపు మసి కప్పు మీద ఇంకా నల్లగా కనిపిస్తుంది. అక్కడి నుంచి తూర్పుకు కొన్ని మైళ్ళు ఒక పక్క నిటారుగా సున్నపురాతి కొండలు, మరో పక్క నది. 1804 జూన్‌లో, పడమటి ప్రాంతాలను అన్వేషించడానికి బయల్దేరిన మెరివెదర్ లూయిస్, విలియం క్లార్క్‌ల దళం పడవలను ఎదురు ప్రవాహంలో లాక్కుంటూ వెళ్ళింది ఈ కొండల కిందుగానే. రోష్‌పోర్ట్ సమీపంలో రాతి మీద ఆదివాసులు వేసిన బొమ్మలను చూసినట్టు క్లార్క్ తన దినచర్యలో రాసుకున్నాడు.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, కేటీ ప్రాంతపు చరిత్రలో బరువైన భాగం బాట మీద లేదు, నదికి అవతల ఉంది. జర్మన్ వలసదారులు 1830లలో స్థాపించి, ద్రాక్షతోటలు పెంచిన హెర్మన్ పట్టణం దక్షిణపు ఒడ్డున ఉంది. వాషింగ్టన్ అనే చిన్న పట్టణం కూడా అటే, రాష్ట్ర రాజధాని జెఫర్సన్ సిటీ కూడా అటే. బాట మీద నుంచి వీటిని చూడాలంటే పెద్ద వంతెన దాటి, వాహనాల మధ్య నుంచి వెళ్ళిరావాలి. ఆలస్యంగా వచ్చిన రైలుకు పెద్ద ఊళ్ళు దక్కలేదు. చిన్న స్టేషన్లు, ధాన్యపు గోదాములు, నాలుగిళ్ళ పల్లెలు దక్కాయి. ఆ పల్లెల్లో కొన్నింటి కథలు మనసును పట్టుకుంటాయి. 1941లో పేలుడు పదార్థాల కర్మాగారం కోసం ప్రభుత్వం హాంబర్గ్, హోవెల్, టూనర్‌విల్ అనే మూడు ఊళ్ళను ఖాళీ చేయించింది. హాంబర్గ్ ఉన్న చోటు మీదుగానే బాట వెళుతుంది. ప్రాజెక్టుల కింద ఊళ్ళు పోగొట్టుకున్నవారు మన వైపు ఎందరో ఉన్నారు కాబట్టి, అక్కడ ఆగకుండా ముందుకు పోవడం నాకు కష్టమైంది. కానీ కళ్ళకు కనిపించేది చెట్లే. ముందే చదువుకుని వెళ్ళకపోతే అక్కడ ఒక ఊరుండేదన్న ఊహ కూడా రాదు.

అలెఘేనీ బాట సంగతి దీనికి పూర్తిగా వేరు. అక్కడ మార్గమే సాక్ష్యం. ఈ మాట ప్రత్యేకంగా పిట్స్‌బర్గ్ నుంచి కానెల్స్‌విల్ వరకు ఉన్న దాదాపు 60 మైళ్ళ గురించి అంటున్నాను. పై నుంచి వచ్చే సైకిలువాళ్ళు చాలామంది ఈ భాగాన్ని "కొండలు అయిపోయాయి, ఇక త్వరగా ఊరు చేరాలి" అన్నట్టు తొక్కేస్తారు. నా దృష్టిలో అమెరికాలో శ్రమ చరిత్రను సైకిలు మీద తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి 60 మైళ్ళు దొరకవు.

పిట్స్‌బర్గ్‌లో బాట మొనాంగహేలా నదిని హాట్ మెటల్ వంతెన మీదుగా దాటుతుంది. కొలిమిలో కరిగిన ఇనుమును ఎర్రగా కాగుతుండగానే పెద్ద బానల్లో నింపి, రైలు మీద అవతలి ఒడ్డున ఉన్న ఉక్కు మిల్లుకు దాటించిన వంతెన అది. పేరు కూడా అందుకే వచ్చింది. అక్కడి నుంచి నది వెంట పైకి వెళితే హోమ్‌స్టెడ్ వస్తుంది. 1892 జులై 6న యాజమాన్యం తెప్పించిన పింకర్టన్ ప్రైవేటు కాపలాదళం పెద్ద పడవల్లో దిగబోతే, సమ్మెలో ఉన్న ఉక్కు కార్మికులు ఒడ్డున అడ్డుకున్నారు. రోజంతా కాల్పులు జరిగి, ఇరువైపులా మనుషులు చనిపోయారు. ఆనాటి పంప్‌హౌస్ భవనం ఇప్పటికీ బాట పక్కనే ఉంది. మిల్లు పోయిన చోట దుకాణాల సముదాయం వచ్చింది. దాని అంచున 12 ఇటుక పొగగొట్టాలు మాత్రం వరసగా నిలబడి ఉన్నాయి.

ఆ మిల్లు యజమాని ఆండ్రూ కార్నెగీ. సమ్మెను అణచిన మేనేజరు హెన్రీ క్లే ఫ్రిక్. ఫ్రిక్ సంపద ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే బాటను వదలకుండా తొక్కుతూ పోవడమే. మెకీస్‌పోర్ట్ దగ్గర బాట మొనాంగహేలాను వదిలి యాకగేనీ నది వెంట మళ్ళుతుంది. స్థానికులు దాన్ని కుదించి యాక్ అంటారు. ఈ లోయంతా బొగ్గే. ఆ బొగ్గును తేనెపట్టు ఆకారపు ఇటుక బట్టీల్లో రెండు మూడు రోజులు కాల్చి కోక్‌గా మార్చేవారు. కోక్ లేనిదే ఇనుము కరగదు. కానెల్స్‌విల్ చుట్టూ అలాంటి బట్టీలు వేల సంఖ్యలో ఉండేవి, వాటిలో పెద్ద భాగం ఫ్రిక్ కంపెనీది. అంటే, పిట్స్‌బర్గ్ నుంచి కానెల్స్‌విల్‌కు తొక్కేవారు ఉక్కు నుంచి వెనక్కి నడిచి కోక్ దగ్గరికి, బొగ్గు దగ్గరికి, ఆ బొగ్గు తవ్వినవారి దగ్గరికి చేరుకుంటారు. దారిలో విట్సెట్ లాంటి కంపెనీ పల్లెల్లో ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్ళు ఉన్నాయి. వాటిలో ఈనాటికీ జనం కాపురాలు చేస్తున్నారు.

ఈ దారిలో నేను అన్నిటికంటే ఎక్కువసేపు నిలబడిన చోటు వాన్ మీటర్. 1907 డిసెంబరు 19న అక్కడి డార్ గనిలో పేలుడు జరిగి 239 మంది మరణించారు. వారిలో చిన్న వయసు పిల్లలు కూడా ఉన్నారు. ఆ రోజు పాత పంచాంగం ప్రకారం సెయింట్ నికొలస్ పండుగ. తూర్పు యూరప్ నుంచి వచ్చిన కార్మికుల్లో చాలామంది పండుగని పనిలోకి దిగలేదు, అందువల్ల బతికారు. నేను వెళ్ళినప్పుడు ఉదయం ఎనిమిదయింది, నది మీద మంచు ఇంకా విడలేదు. జరిగినదంతా ఒక చిన్న ఫలకం మీద నాలుగు వాక్యాల్లో రాసి ఉంది. మళ్ళీ సైకిలెక్కి బాట వెంట పోతుంటే, మూతపడిన గనుల నుంచి ఊరిన నీరు ఒక చోట రాతి మీదుగా జారుతూ బండనంతా ఇటుక రంగుకు మార్చేసి కనిపించింది. వేలితో తాకితే తుప్పు పొడిలా అంటుకుంది. గనులు మూసి దశాబ్దాలు గడిచినా ఆ నీరు ఇంకా ఇనుమును మోసుకొస్తూనే ఉంది. ఏ ప్రదర్శనశాలలోనూ ఈ పాఠం ఇంత సూటిగా అందదు.

కానెల్స్‌విల్ దాటాక కథ మారుతుంది. ఒహాయోపైల్ జలపాతం దగ్గర 1754లో జార్జ్ వాషింగ్టన్ నదిని పడవల దారిగా వాడుకోవచ్చేమో చూడబోయి, ఆ జలపాతం చూసి వెనుదిరిగాడు. ఈ బాటకు మొదటి ముక్క కూడా ఇక్కడే, 1986లో తెరుచుకుంది. పూర్తి మార్గం 2013లో పిట్స్‌బర్గ్‌కు చేరింది. అక్కడి నుంచి కొండల్లోకి ఎక్కే భాగంలో, ఆలస్యంగా వచ్చిన కంపెనీ పడ్డ కష్టం కట్టడాల్లో కనిపిస్తుంది. మయర్స్‌డేల్ దగ్గర 1,908 అడుగుల సాలిస్‌బరీ వయాడక్టు ఒక లోయనూ, నదినీ, హైవేనూ, తన పోటీదారు రైలు పట్టాలనూ ఒక్క ఊపులో దాటేస్తుంది. ఆపై 2,392 అడుగుల ఎత్తున నీటి విభాజకరేఖ వస్తుంది. దానికి పడమట పడ్డ చినుకు మెక్సికో సింధుశాఖకు, తూర్పున పడ్డది అట్లాంటిక్‌కు పోతుంది. తర్వాత 3,294 అడుగుల బిగ్ సావేజ్ సొరంగం. దాని తర్వాత పెన్సిల్వేనియా, మేరీలాండ్‌ల మధ్య 1763–1767లో కొలిచిన మేసన్–డిక్సన్ సరిహద్దు రేఖ.

ఇంత చెప్పాక నా తీర్పు ఎటో తెలిసిపోయే ఉంటుంది. కానీ కేటీని తక్కువ చేయను, ఎందుకంటే ఒక విషయంలో దేశంలోని పాత రైలు బాటలన్నీ దానికి రుణపడి ఉన్నాయి. ముందుముందు మళ్ళీ రైలు కావాలంటే వాడుకునేలా మార్గాన్ని చెదరకుండా కాపాడుతూ, అంతవరకు ప్రజలు నడవడానికి, తొక్కడానికి ఇవ్వవచ్చునని 1983లో చేసిన చట్టసవరణను ఇంత పెద్ద ఎత్తున వాడిన తొలి బాటల్లో కేటీ ఒకటి. పక్క పొలాల యజమానులు ఆ నేల తమకు రావాలని కోర్టులకు వెళ్ళారు. టెడ్ జోన్స్ అనే దాత 22 లక్షల డాలర్లు ఇచ్చి పనిని నిలబెట్టాడు. రోష్‌పోర్ట్ దగ్గర మొదటి భాగం 1990లో తెరుచుకుంది. అదే ఏడాది వెర్మాంట్ రాష్ట్రంలోని ఒక పాత రైలుమార్గం మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. 1993 మహావరద బాటలో చాలా భాగాన్ని కొట్టుకుపోయేలా చేస్తే మళ్ళీ వేసుకున్నారు. పడమటి భాగంలో సెడేలియాలో 1896 నాటి స్టేషను భవనాన్ని చక్కగా నిలిపి ఉంచారు. 1899లో అచ్చయిన స్కాట్ జోప్లిన్ పియానో బాణీ మేపుల్ లీఫ్ రాగ్ ఆ ఊరిలో పుట్టిందే. నల్లజాతి సంగీతకారుల చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి ఆ ఒక్క ఊరి కోసమైనా కేటీ తగినదే.

పిల్లలతో, పెద్దవారితో వెళ్ళేవారికి కేటీయే మేలు. బూన్‌విల్‌కు తూర్పున బాట దాదాపు బల్లపరుపుగా ఉంటుంది. రోష్‌పోర్ట్‌లో మొదలుపెట్టి, తొక్కగలిగినంత తొక్కి వెనక్కి రావచ్చు. జులై, ఆగస్టుల్లో మాత్రం వద్దు. ఆ లంక నేలలో ఉక్కపోత మన కృష్ణా తీరపు వేసవిని తలపిస్తుంది.

మూడో దారి గురించి అడిగేవారూ ఉంటారు. కంబర్లాండ్ నుంచి దేశ రాజధాని వాషింగ్టన్ వరకు 184.5 మైళ్ళు సాగే చెసపీక్–ఒహాయో కాలువ గట్టు బాట అది. నిజానికి రైలు బాట కాదు, పడవలను లాగే కంచరగాడిదలు నడిచిన దారి. 1828లో మొదలైన ఆ కాలువ 1850లో కంబర్లాండ్ చేరేసరికి రైలు అక్కడికి 8 ఏళ్ళ ముందే వచ్చేసింది. 74 లాకులు, చాలా చోట్ల లాకు కాపలాదారుల ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ధవళేశ్వరం కాలువల లాకులు చూస్తూ పెరిగినవారికి చాలా నచ్చుతుంది. కానీ వాన పడితే బురద చక్రాలకు పట్టి కదలనివ్వదు. మొదటిసారి వెళ్ళేవారికి చెప్పను.

కాబట్టి చరిత్ర కోసమే వెళ్ళేవారికి నా సలహా అలెఘేనీ బాట, అదీ పిట్స్‌బర్గ్ నుంచి కంబర్లాండ్ వైపు. బొగ్గుతో నిండిన బళ్ళు తూర్పుకు వెళ్ళాలి కాబట్టి ఆ దిశలో ఎక్కుడును వీలైనంత తగ్గించి వేశారు. ఆ తేలిక ఇప్పుడు మన కాళ్ళకు దక్కుతుంది. విభాజకరేఖ దాటాక కంబర్లాండ్ వరకు 24 మైళ్ళు దిగుడే. ఎదురు దిశలో వస్తే ఆ 24 మైళ్ళే మొదటి రోజంతా తినేస్తాయి. అయిదు రోజులు పెట్టుకోండి, వాటిలో రెండు కానెల్స్‌విల్ లోపే గడపండి. బిగ్ సావేజ్ సొరంగాన్ని చలికాలంలో మూసేస్తారు కాబట్టి మే నుంచి అక్టోబరు మధ్య వెళ్ళండి.

తిరుగు ప్రయాణానికి కంబర్లాండ్‌లో సాయంత్రం ఆగే అమ్‌ట్రాక్ రైలు ఉంది. ముందుగా చోటు రిజర్వు చేసుకుంటే సైకిలును కూడా ఎక్కించుకుంటారు. ఆ రైలు నడిచేది గెలిచిన దారి మీద, అంటే పాత బాల్టిమోర్ అండ్ ఒహాయో పట్టాల మీద. జూన్ నెలలో అయితే మయర్స్‌డేల్ చేరేసరికి ఇంకా కాస్త వెలుతురు ఉంటుంది. అప్పుడు కిటికీ పక్కన కూర్చుని పైకి చూడండి. రైలు సాలిస్‌బరీ వయాడక్టు కిందుగా పోతుంది.