దూరం నుంచే గ్యాస్ పట్టే పాసివ్ ఎఫ్‌టీఐఆర్: ఏళ్లపాటు వాడాక

మా ప్లాంటులో ట్యాంకుల వరస మీద నిఘాకు పాసివ్ ఎఫ్‌టీఐఆర్ (ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్ ఇన్‌ఫ్రారెడ్ పరికరం) పెట్టి ఏళ్లయింది. షిఫ్టులో దాని స్క్రీన్ ముందు కూర్చునేది నేనే. కొనమంటారా అని అడిగేవాళ్లను ముందు నేనొకటి అడుగుతాను: మీ ట్యాంకుల వెనక ఏముంది?

ఈ పరికరం తానుగా ఏ కాంతినీ పంపదు. వెనకున్న గోడో, ఆకాశమో సహజంగా వెలువరించే పరారుణ కిరణాలను, ముఖ్యంగా 8 నుంచి 12 మైక్రాన్ల మధ్యవాటిని, అందుకుంటుంది. అడ్డంగా ఉన్న ఆవిరి వాటిలో ఏవి మింగిందో, ఏవి కలిపిందో చూసి గ్యాస్ పేరు చెబుతుంది. ఆవిరికీ వెనకున్నదానికీ ఉష్ణోగ్రతలో తేడా లేకపోతే అంతే సంగతులు, ఎంత లీకైనా కనపడదు. పొద్దెక్కేటప్పుడు, పొద్దువాలాక మా గోడ గాలితో సమానంగా ఉండే కాసేపు సిగ్నల్ దాదాపు చచ్చిపోతుంది. పరికరం తలను పైకెత్తి చల్లటి ఆకాశం వైపు తిప్పామా, స్క్రీన్ మీది గ్రాఫులో గుంటలు పడాల్సిన చోట శిఖరాలు లేస్తాయి. దిగంతానికి దగ్గరగా పెడితే మాత్రం లాభం లేదు, అక్కడ ఆకాశం కూడా ఇంచుమించు గాలంత వెచ్చగానే ఉంటుంది.

అమోనియాను పట్టడంలో దీనికి వంక పెట్టలేను. 930, 967 వేవ్‌నంబర్ల (సెంటీమీటరుకు ఎన్ని తరంగాలో చెప్పే లెక్క) దగ్గర జంట గీతలు కనిపించాయంటే ఇక అనుమానం అక్కర్లేదు.

పెద్దసార్లతోనే చిక్కు. అలారం మోగగానే "పీపీఎం ఎంతయ్యా?" అంటారు, అంటే గాలిలో పది లక్షల వంతుల్లో గ్యాస్ ఎన్ని వంతులని. ఇదిచ్చేది పీపీఎం-మీటర్, అంటే పీపీఎంను మేఘం మందంతో గుణించిన లెక్క. 100 మీటర్ల మేఘంలో 1 పీపీఎం ఉన్నా, ఒక్క మీటరులో 100 ఉన్నా అంకె 100 అనే వస్తుంది. మనిషికి ప్రమాదం మాత్రం రెండింటిలో ఒకటి కాదు కదా!

డిటెక్టర్‌ను మైనస్ 200 డిగ్రీల చుట్టుపక్కల ఉంచే స్టర్లింగ్ కూలర్ ఇరవైనాలుగు గంటలూ గుయ్‌మంటూనే ఉంటుంది. అరిగేదీ అదే. కొనేముందే దాని మార్పిడి ఖర్చు రాతపూర్వకంగా తీసుకోండి. దట్టమైన పొగమంచులో ఎలాగూ చూపు ఆనదు.

క్లోరిన్ మాట అమ్మేవాళ్లు అడిగితే తప్ప ఎత్తరు. ఒకేరకం పరమాణువులు రెండు జతకట్టిన గ్యాస్ పరారుణాన్ని పీల్చుకోదు, కాబట్టి దీనికి అది లేనట్టే. మా క్లోరిన్ షెడ్డులో పాత ఎలక్ట్రోకెమికల్ సెన్సర్లే ఉన్నాయి, వాటిని తీసే ప్రసక్తే లేదు. రెండో ఎఫ్‌టీఐఆర్ కొంటే మాత్రం నేల మీదే పెట్టి, ట్యాంకుల పైఅంచు మీదుగా ఆకాశం కనపడేలా బిగించమంటాను.