మా కాలేజీ సెమీ క్రిస్మస్‌కి కేక్ చేసిచ్చిన కడప బేకరీ, ఐదుకి నాలుగున్నర

నేను కడపలో ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌ని, మూడేండ్లుగా కల్చరల్ కమిటీ పని నా నెత్తినే ఉంది. ఈ రివ్యూ ఏడు రోడ్ల కూడలి నుంచి రవ్వంత లోపలికి సందులో ఉండే ఒక చిన్న బేకరీ గురించి. 2025 డిసెంబర్ 17 బుధవారం మా కాలేజీలో జరిగిన సెమీ క్రిస్మస్‌కి 38 కిలోల ప్లమ్ కేక్ వాళ్లే చేసిచ్చినారు. ఒట్టి రుచి గురించే అయితే రెండు లైన్లలో అయిపోతుంది, బాగుంది అంతే, కానీ ఆ బేకరీ అన్న ఆర్డర్ తీసుకునేటప్పుడు అడిగిన ప్రశ్నల వల్ల మా ఫంక్షనే మారిపోయింది, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా, వేరే కాలేజీల్లో ఈ పని మీదేసుకున్నోళ్లకి పనికొస్తుందని.

ముందు 2024 సంగతి చెప్పాల. డిసెంబర్ 21న పెట్టుకున్నాం, శనివారం. స్టేజి, ఫ్లెక్సీ, డీజే, శాంటా డ్రెస్ వేసుకునే మనిషి, కేక్, అన్నీ కలిపి ఒక ప్యాకేజీ మాట్లాడేసి డబ్బులు కట్టేసి ఊరుకున్నాం. తీరా చూస్తే పిల్లల్లో శానామంది శనివారం గుడ్డు తినరు. అయ్యప్ప మాలలో ఉన్న పిల్లోళ్లు కేక్‌లో గుడ్డు ఉందా సార్ అని అడిగితే తెచ్చినోళ్లకే తెలీదు. క్రిస్మస్ కేక్‌లో రమ్ము పోస్తారంట కదా సార్ అని ముస్లిం పిల్లలు అడిగినారు, దానికీ జవాబు లేదు. స్టేజి మీద గెస్టులు ఒకరికొకరు తినిపించుకుంటా ఫోటోలు దిగుతుంటే కింద పిల్లలు ఫోన్లు చూసుకుంటా కూర్చున్నారు. అంతా అయినాక ఒక వరుస మొత్తం కుర్చీల కింద పేపర్ ప్లేట్లు, కేక్ ముక్క పెట్టింది పెట్టినట్లే ఉంది, ఆ ప్లేట్లు ఏరింది స్వీపర్ ఆయమ్మలు. వాళ్లని ఎవరూ పిలిచింది లేదు. నాకైతే మనసు చివుక్కుమంది.

ఎందుకంటే ఇది కడప. ఉగాదికి దేవుని కడప గుడికి ముస్లింలు టెంకాయలు పట్టుకోని వస్తారు, పెద్ద దర్గా ఉరుసుకి అన్ని మతాలోళ్లూ పోతారు, క్రిస్మస్ రాత్రి మా వీధిలో హిందువులు కూడా మరియాపురం చర్చికి పోయి క్యాండిల్ వెలిగించి వస్తారు. ఇట్లాంటి ఊర్లో ఉండి ఒక కాలేజీ లోపల నాలుగు వందల మంది కలిసి ఒక ముక్క కేక్ తినలేకపోయినారంటే తప్పు పిల్లలది కాదు, పెట్టిన మాది.

సరే, ఈసారి కాలేజీ రూల్ ప్రకారం మూడు కొటేషన్లు తీసుకుందామని నవంబర్ మొదట్లోనే తిరిగినా. రెండు చోట్ల ఎన్ని కిలోలు, ఏ తేదీ అన్నారు, రేటు రాసిచ్చినారు, అంతే. ఈ బేకరీలో అన్న మాత్రం పెన్ను పక్కన పెట్టి అడగడం మొదలుపెట్టినాడు, ఎంతమంది సార్, అందులో మాల వేసుకున్న సాములు ఎంతమంది, ప్రోగ్రాం ఏ వారం వస్తుంది, శుక్రవారమైతే నమాజ్ టైముకి పడకుండా చూసుకున్నారా, స్టాఫ్‌కి ఒక కేకు పిల్లలకి ఇంకో కేకా లేకపోతే అందరికీ ఒకటేనా అని. ఆ చివరి ప్రశ్నకి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయినా. మా దగ్గర ఎప్పుడూ స్టాఫ్ రూముకి మంచి ప్లమ్ కేకు, పిల్లలకి మామూలు క్రీమ్ ముక్క పోతుంది, అదేదో సహజం అన్నట్లు ఏండ్లుగా నడుస్తోంది, ఎవరూ తప్పనుకోలేదు. బయటి మనిషి అడిగేదాకా నాకూ తట్టలేదు.

అక్కడే నిలబడి ప్రిన్సిపాల్ సార్‌కి ఫోన్ చేసి అందరికీ ఒకటే కేకు, గుడ్డు లేకుండా, రమ్ము లేకుండా అని ఖాయం చేసుకున్నాం. శబరిమల మండల దీక్ష నవంబర్ మధ్యలో మొదలై 41 రోజులు నడుస్తుంది కాబట్టి మన సీమ కాలేజీల్లో సెమీ క్రిస్మస్ ఏ రోజు పెట్టినా క్లాసుకి ఇద్దరు ముగ్గురు సాములు ఉంటారు, ఈ లెక్క చూసుకోకుండా కేక్ ఆర్డర్ ఇవ్వకూడదు. శనివారం వద్దు, శుక్రవారం మధ్యాహ్నం వద్దు అనుకోని బుధవారం మూడు గంటలకి పెట్టినాం.

ఇంకో మాట కూడా ఆ అన్నే చెప్పినాడు, పండ్లు నానబెట్టే రోజు మీ పిల్లల్ని పంపండి సార్, వాళ్ల చేత్తోనే కలుపుతారు అని. నవంబర్ చివర్లో ఒక సాయంత్రం 24 మందిని తీసుకపోయినా, ఒక్కో సెక్షన్ నుంచి ఇద్దరిద్దరు, అది కూడా ముందు నుంచి ఫ్రెండ్స్ కానోళ్లని చూసి. తలకి క్యాపులు, చేతికి గ్లౌజులు ఇచ్చినారు. పెద్ద స్టీల్ బేసిన్‌లో ఎండు ద్రాక్ష, ఖర్జూరం, చెర్రీలు, టూటీ ఫ్రూటీ, జీడిపప్పు, సన్నగా తరిగిన నారింజ తొక్క, పైన నారింజ రసం, ద్రాక్ష రసం. ఒక సెకండ్ ఇయర్ అబ్బాయి నల్ల బట్టల్లో వెనకాల నిలబడిపోయినాడు. ఓనర్ అన్న చూసి, రా సామీ, ఇది ఒట్టి పండ్లే, గుడ్డు తగిలిన గిన్నెలు ఆ పక్క షెల్ఫులో వేరేగా ఉన్నాయి చూడు అని చూపించినాడు. ఆ పిల్లోడు పోయి చూసొచ్చి, తర్వాత మోచేతుల దాకా చేతులు పెట్టి కలిపినాడు. పక్కన కలుపుతున్న బీకామ్ పాప, స్కార్ఫ్ కట్టుకున్న పాప, సామీ ఈ మూల ఇంకా పొడిగానే ఉంది అని చెప్పడం, వాడు అటు తిప్పడం, ఆ ఇద్దరూ రెండేండ్లుగా ఒకే బస్సులో వస్తారంట కానీ ఆ రోజే మొదటిసారి మాట్లాడుకున్నారంట. ఇది నాకు తర్వాత ఆ పాపే చెప్పింది.

ప్లమ్ కేక్‌లో ప్లమ్ యాడుంది అన్నా అని పిల్లలు అడిగితే, పాతకాలం ఇంగ్లీషోళ్లు ఎండు ద్రాక్షనే ప్లమ్ అనేవాళ్లు, పేరు అట్లనే నిలిచిపోయింది అని చెప్పినాడు. మన దేశంలో మొదటి క్రిస్మస్ కేక్ 1883లో కేరళ తలశ్శేరిలో మాంబళ్లి బాపు చేసినాడని చెప్తారు, ఆ కథ కూడా చెప్పినాడు. చక్కెరని నల్లగా అయ్యేదాకా కాచి వేడినీళ్లు పోస్తే బుస్సుమని పొంగింది, కేక్‌కి ఆ నలుపు దాన్నుంచే వస్తుందంట. గుడ్డు బదులు పెరుగు, సోడా. మా కెమిస్ట్రీ మేడం ఆ సోడా పెరుగు సంగతి మరుసటి రోజు క్లాసులో చెప్పింది, పిల్లలు ఇంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదంది.

ప్రోగ్రాం రోజు సంగతి. డీజే పెట్టలేదు. ప్రార్థన సెమినార్ హాల్లో పావుగంట, ఇష్టమున్నోళ్లకి మాత్రమే, తర్వాత బయట చెట్ల కింద అందరికీ. ఇది ఎట్ల చెయ్యాలని ముందు క్రిస్టియన్ పిల్లల్నే అడిగినాం, పండగ వాళ్లది కదా, గెస్టుల స్పీచులు తగ్గించండి సార్ అన్నారు, తగ్గించినాం. ఏసు పుట్టిన పశువుల పాకని పిల్లలే కట్టినారు, జొన్న చొప్ప, వెదురు బొంగులు వాళ్ల ఊర్ల నుంచి తెచ్చినారు. 1223లో ఇటలీలో గ్రెచ్చియో అనే ఊర్లో ఫ్రాన్సిస్ అస్సీసి అనే క్రైస్తవ సన్యాసి నిజం ఎద్దునీ గాడిదనీ నిలబెట్టి ఆ పుట్టుకని చూపించినాడని ముందురోజే ఒక మేడం చెప్పింది, అది విని గొర్రెలు కాసే ఇంటి నుంచి వచ్చే ఫస్ట్ ఇయర్ పిల్లోడు ఒకడు ఏమీ మాట్లాడకుండా మరుసటి రోజు ఆటోలో గొర్రెపిల్లని తెచ్చినాడు. క్లాసులో నోరు తెరవని పిల్లోడు వాడు. ఆ మధ్యాహ్నమంతా అందరూ వాడి చుట్టూనే, ఏం మేస్తుంది, ఎన్ని నెలలది, పట్టుకోవచ్చా అని, వాడు ఒక్కొక్కరికీ ఎట్ల ఎత్తుకోవాలో నేర్పిస్తా ఉంటే నేను అట్లే చూస్తా నిలబడిపోయినా. క్యారల్స్‌కి కీబోర్డుతో పాటు పలక డప్పు కూడా కొట్టినారు. క్రిస్మస్ ఫ్రెండ్ చీటీల్లో (ఎవరి పేరు తీస్తే వాళ్లకి గిఫ్టు ఇవ్వాల) అటెండర్లు, వాచ్‌మెన్, ప్రిన్సిపాల్ అందరి పేర్లూ ఒకే డబ్బాలో వేసినాం, గిఫ్టు 50 రూపాయలు దాటకూడదని రూలు.

కేక్ కిలో 440 పడింది, మొత్తం 16,720. 28 కిలోలు అక్కడికక్కడే ముక్కలు కోసి పంచినాం, సుమారు 450 మంది, మిగతా 10 కిలోలు పావుకిలో చొప్పున 40 బాక్సులు, నాన్ టీచింగ్ స్టాఫ్ ఇండ్లకి. ముక్క మెత్తగా, నోట్లో పండ్లు బాగా తగిలేటట్లు ఉంది, తీపి మరీ ఎక్కువ కాదు. మొదటి ముక్క మా అందరికంటే సీనియర్ అయిన స్వీపర్ ఆయమ్మకి ఇచ్చినాం. ఆమె తినకుండా కొంగులో మూట కట్టుకోబోయింది, మనవరాలికంట. బేకరీ కుర్రోడు ట్రే పట్టుకోని పక్కనే ఉన్నాడు, అవ్వా ఇది నువ్వు తిను, పాపకి బాక్సు వేరే ఉంది అని చేతికిచ్చినాడు. ఈసారి కుర్చీల కింద నేనే ఒంగి చూసినా, వదిలేసిన ప్లేటు ఒక్కటీ లేదు.

అర పాయింట్ ఎందుకు తగ్గించినానంటే, డెలివరీ 35 నిమిషాలు లేట్, రెండున్నరకి రావాల్సింది మూడు దాటినాక వచ్చింది, నేను గేటు దగ్గర శానా టెన్షన్ పడినా. ఒక ట్రేలో చక్కెర పాకం ఎక్కువ మాడి చేదు తగిలింది, ఆ ట్రే డబ్బులు అడక్కుండానే తగ్గిస్తామన్నారు కానీ మేము వద్దన్నాం. బాక్సుల అట్ట పల్చన, అడుగున నూనె దిగింది. చేత్తో రాసిన బిల్లు ఇస్తే మా ఆఫీసులో తీసుకోలేదు, జీఎస్టీ బిల్లు నాలుగు రోజులకి ఇచ్చినారు, కాలేజీలోళ్లు ఇది ముందే చెప్పుకోండి.

రంజాన్‌కి ఇఫ్తార్ కూడా ఇట్లనే పిల్లల చేతుల మీదుగా చెయ్యాలని కమిటీలో అనుకున్నాం, ఖర్జూరాలకి, సమోసాలకి మళ్లీ ఈ అన్ననే అడిగినా, సరే అన్నాడు.

ఆర్డర్ ఇచ్చేటోళ్లు నవంబర్ మొదటి వారం దాటనియ్యొద్దు, పండ్లు మూడు వారాలన్నా ఫ్రిజ్‌లో నానాలంట. డిసెంబర్ 10 తర్వాత 5 కిలోల పైన ఆర్డర్ తీసుకోరు. సగం అడ్వాన్స్. మాల వేసుకున్నోళ్లు ఎంతమందో లెక్క రాసుకోని పోండి, ఎట్లా ఫస్ట్ అదే అడుగుతాడు.