బ్రిటన్‌లో షాపు కరెంటు బిల్లుకి సర్కారు సాయం: 2022 స్కీమా, 2023 స్కీమా, ఏది మేలు?

మొన్న లెస్టర్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు, టిఫిన్ సెంటర్ పెడదామని లీజు మాట్లాడుకుంటున్నాడంట, "అన్నా, హోటళ్ళకి కరెంటు గ్యాస్ బిల్లుల్లో గవర్నమెంటు తగ్గింపు ఇస్తుందంట కదా, దేనికి అప్లై చెయ్యాలి" అని అడిగాడు. అతను విన్న స్కీములు రెండూ ఎప్పుడో అయిపోయాయి, రెండోది 2024 మార్చి 31తో ఆగింది. అయినా ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం అవసరమే అనిపిస్తుంది, ఎందుకంటే రేట్లు మళ్ళీ ఎగిరినరోజు మనలాంటి వాళ్ళు ఏ రకం సాయం అడగాలో అప్పటికప్పుడు తేల్చుకోలేం. పైగా ఇప్పటికీ నడుస్తున్న సాయం ఒకటుంది, దాన్ని మనవాళ్ళు చాలామంది వాడుకోవట్లేదు, అది చివర్లో చెప్తాను.

మా సంగతి ముందు. మా బావా నేనూ కలిసి చిన్న టిఫిన్ హోటల్ నడుపుతున్నాం. 2022 సెప్టెంబర్ ఆఖరికి మా కరెంటు కాంట్రాక్ట్ అయిపోతోంది, అప్పటిదాకా యూనిట్ 15 పెన్స్ (వంద పెన్స్ ఒక పౌండ్) కట్టేవాళ్ళం. కొత్త కొటేషన్ 61 పెన్స్ అని వచ్చింది. బావ కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసి "ఏరా, చుక్క ఎక్కడో తప్పు పెట్టినట్టున్నారు, ఇంకోసారి అడుగు" అన్నాడు. చుక్క సరిగ్గానే ఉంది. ఇళ్ళకైతే ఆఫ్‌జెమ్ (కరెంటు, గ్యాస్ కంపెనీల మీద నిఘా పెట్టే సంస్థ) ప్రైస్ క్యాప్ ఉంది, అంటే యూనిట్ రేటు మీద గరిష్ఠ పరిమితి, షాపులకీ గుళ్ళకీ స్కూళ్ళకీ అలాంటిదేం లేదు, సప్లయర్ ఎంతంటే అంత. కాంట్రాక్ట్ లేకుండా ఉంటే డీమ్డ్ రేటు వేస్తారు, అది ఇంకా ఘోరం, అందుకని భయపడి 2 ఏళ్ళకి ఫిక్స్ చేయించేసుకున్నాం.

సెప్టెంబర్ 21న మొదటి స్కీమ్ ప్రకటించారు, ఎనర్జీ బిల్ రిలీఫ్ స్కీమ్. 2022 అక్టోబర్ 1 నుంచి 2023 మార్చి 31 దాకా, ఆరు నెలలు. మన యూనిట్ రేటులో హోల్‌సేల్ రేటు, అంటే సప్లయర్ మార్కెట్లో కొనే రేటు, ఒక భాగం, మిగతాది వైర్ల ఖర్చు, లెవీలు (సర్కారు వేసే సుంకాలు), సప్లయర్ లాభం. గవర్నమెంటు ఏమందంటే ఆ హోల్‌సేల్ భాగం కరెంటుకి 21.1 పెన్స్, గ్యాస్‌కి 7.5 పెన్స్ దాటితే ఆ పైనున్నది మేం కడతాం అంది. 2021 డిసెంబర్ 1 నుంచి ఆ తర్వాత ఫిక్స్ చేయించుకున్న వాళ్ళందరికీ ఇది వచ్చింది, వేరియబుల్, డీమ్డ్ రేట్ల మీద ఉన్నవాళ్ళకి మాత్రం కరెంటు యూనిట్‌కి 34.5 పెన్స్ మించి తగ్గించం అని పైన ఒక పరిమితి పెట్టారు. ఫారం లేదు, పోర్టల్ లేదు, సప్లయరే బిల్లులో కోసేశాడు. నవంబర్లో వచ్చిన బిల్లు నాకింకా గుర్తుంది, రెండో పేజీ మధ్యలో ఆ స్కీమ్ పేరూ పక్కన మైనస్ గుర్తూ, బావ ఆ కాగితం తీసుకెళ్ళి కిచెన్‌లో ఫ్రిజ్ తలుపుకి అంటించాడు.

రెండోది ఎనర్జీ బిల్స్ డిస్కౌంట్ స్కీమ్, 2023 ఏప్రిల్ 1 నుంచి 2024 మార్చి 31 దాకా ఏడాది. ఏడాది అనగానే ఇదే పెద్దదనుకున్నాం, కానీ లెక్క మొత్తం తిరగబడింది. హోల్‌సేల్ రేటు కరెంటుకి 30.2 పెన్స్, గ్యాస్‌కి 10.7 పెన్స్ దాటితేనే లెక్కలోకి వస్తాం, దాటినా సరే కరెంటు యూనిట్‌కి 1.96 పెన్స్, గ్యాస్‌కి 0.697 పెన్స్ మించి ఇవ్వరు.

మా అంకెలే వేసి చూడండి. మా 61 పెన్స్‌లో హోల్‌సేల్ భాగం 45, గ్యాస్‌లో 15. నెలకి కరెంటు 2,000 యూనిట్లు, గ్యాస్ 6,000 యూనిట్లు అనుకుందాం. మొదటి స్కీమ్‌లో కరెంటుకి యూనిట్‌కి 23.9 పెన్స్ చొప్పున 478 పౌండ్లు, గ్యాస్‌కి 7.5 చొప్పున 450, మొత్తం 928 పౌండ్లు తగ్గాయి. అదే కాంట్రాక్ట్, అదే వాడకం, రెండో స్కీమ్‌లో కరెంటుకి 39, గ్యాస్‌కి 42, మొత్తం 81 పౌండ్లు. మార్చికీ ఏప్రిల్‌కీ మధ్య ఒక్క రాత్రిలో నెలకి 847 పౌండ్లు మా మీద పడ్డాయి, అది మా దగ్గర వారాంతాల్లో సర్వీస్‌కి వచ్చే అబ్బాయి జీతం.

ఏప్రిల్ నుంచి మేం చేసిన మొదటి పని మధ్యాహ్నం 3 నుంచి 5 దాకా దోశ పెనం కింద మంట ఆపెయ్యడం. చెప్పినంత తేలిక కాదది. పెనం చల్లారాక మళ్ళీ దారికి రావాలంటే 25 నిమిషాలు పడుతుంది, ఉల్లిపాయ సగానికి కోసి నూనెలో ముంచి రుద్దాలి, నీళ్ళు చిలకరించి తుడవాలి, అయినా మొదటి రెండు దోశలు అంటుకుపోతాయి, ఆ రెండూ మేమే తినేవాళ్ళం. నాలుగున్నరకి స్కూల్ నుంచి పిల్లల్ని తీసుకుని వచ్చే తల్లులకి "ఇడ్లీ ఉంది, దోశ అయిదు దాటాక" అని చెప్పడం మొదలుపెట్టాం, కొందరు మళ్ళీ రాలేదు.

సర్కారు వైపు నుంచి కూడా చూడాలి కదా. మొదటి స్కీమ్‌కి 18 బిలియన్ పౌండ్ల దాకా అవుతుందని అంచనా వేశారు, లాభాల్లో ఉన్న పెద్ద కంపెనీలకి కూడా మాతోపాటే తగ్గింపు వెళ్ళింది, అది తప్పే, ఒప్పుకుంటాను. రెండోదానికి 5.5 బిలియన్లకి మించకూడదని ముందే గీత గీశారు. 2023 వచ్చేసరికి హోల్‌సేల్ రేట్లు దిగాయి కాబట్టి పెద్ద సాయం అక్కర్లేదన్నారు. దిగింది నిజమే, కానీ ఎవరికి దిగింది? ఆ వసంతంలో కొత్తగా కాంట్రాక్ట్ రాసుకున్న వాళ్ళకి. 2022 ఆగస్టు, సెప్టెంబర్లలో భయపడి ఫిక్స్ చేయించుకున్న మాలాంటి వాళ్ళం పాత రేటుకే కట్టుబడి ఉన్నాం. కొంతమంది సప్లయర్లు కొత్త రేటునీ పాత రేటునీ కలిపి గడువు పొడిగించి యూనిట్ ధర కాస్త దించారు, మా సప్లయర్ మాత్రం మేం మూడు మెయిల్స్ పెట్టినా కుదరదన్నాడు.

రెండో స్కీమ్‌లోనే ఇంకో గది ఉంది. కరెంటు, గ్యాస్ బాగా వాడుతూ విదేశీ పోటీ ఉండే పరిశ్రమలకి వేరే లెక్క, 18.5 పెన్స్ దాటితే కరెంటు యూనిట్‌కి 8.91 పెన్స్ దాకా, అదీ వాడకంలో 70 శాతానికే. ఆ జాబితాలో లైబ్రరీలూ మ్యూజియంలూ జూలూ కూడా ఉన్నాయి, వాటికిచ్చినందుకు నాకు సంతోషమే, చలికాలంలో లైబ్రరీలో వెచ్చగా కూర్చునే ముసలివాళ్ళని రోజూ చూస్తాను. హోటళ్ళకి మాత్రం చోటు లేదు. ఉంటే మా 2,000 యూనిట్లకి కరెంటు మీదే 125 పౌండ్లు వచ్చేవి. దీనికి మాత్రం అప్లై చెయ్యాలి, 2023 ఏప్రిల్ 26న తెరిచి జులై 25న మూసేశారు.

మన దగ్గర పద్ధతి వేరు. తెలంగాణలో 2021 ఏప్రిల్ 1 నుంచి సెలూన్లకీ లాండ్రీలకీ దోభీఘాట్లకీ నెలకి 250 యూనిట్లు ఫ్రీ. యూనిట్ రేటు ఎంతైనా ఆ 250 అలాగే ఉంటాయి, చిన్న షాపు అతనికి హోల్‌సేల్ గొడవ తెలియాల్సిన పని లేదు. కత్తెర, ఫ్యాన్, నాలుగు లైట్లతో బతికే చోట ఇంతకంటే మంచి సాయం లేదు. వాక్ ఇన్ ఫ్రిజ్, గ్రైండర్, ఎగ్జాస్ట్ తిరిగే మా కిచెన్‌కి 250 యూనిట్లు నాలుగు రోజుల పని.

కాబట్టి నన్నడిగితే మొదటిదే మేలు, అందులో నాకు సందేహమే లేదు. రేటు ఎంత పెరిగితే సాయం అంత పెరిగింది, అడగకుండా వచ్చింది. దాన్ని ఆరు నెలలకి టక్కున తెంపకుండా, 2022 ఎండాకాలం నుంచి ఆ చలికాలం దాకా ఫిక్స్ అయినవాళ్ళకి మాత్రం కాంట్రాక్ట్ అయ్యేదాకా కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఇచ్చుంటే ఖర్చు అందరికీ ఇచ్చినంత అయ్యేది కాదు, చాలా కిచెన్లు నిలబడేవి. మళ్ళీ అడిగే రోజొస్తే నేను అడిగేది ఇదే.

ఇక నడుస్తున్న సాయం. బిజినెస్ కరెంటు మీద వ్యాట్ 20 శాతం, కానీ రోజుకి సగటున 33 యూనిట్ల లోపు కరెంటు, 145 యూనిట్ల లోపు గ్యాస్ వాడితే 5 శాతమే. పూజా సామాన్ల షాపు, చిన్న టైలరింగ్ షాపు ఇందులోకి వచ్చేస్తాయి, బిల్లు తీసి చూసుకోండి. గుడి, సంఘం లాంటి చారిటీ అయితే వ్యాపారం కాని వాడకానికి ఎన్ని యూనిట్లైనా 5 శాతమే, క్లైమేట్ చేంజ్ లెవీ (వ్యాపారాలు వాడే కరెంటు, గ్యాస్ మీద వేసే సుంకం) కూడా ఉండదు, అది యూనిట్‌కి ముప్పావు పెన్నీ పైనే. హాలు అద్దెకిస్తే ఆ భాగం వ్యాపారం కిందకొస్తుంది, కానీ మొత్తం వాడకంలో 60 శాతం పూజలకీ ఉచిత భోజనాలకీ అయితే అంతా 5 శాతం కిందే లెక్క. ఇది మాత్రం దానంతట రాదు, సప్లయర్‌కి వ్యాట్ డిక్లరేషన్ రాసివ్వాలి.

మా ఊరి గుడి కమిటీలో బిల్లులు చూసే పెద్దాయనకి ఈ మాట చెప్తే "అదేంటి బాబూ, మనం చారిటీ అని వాళ్ళకి తెలీదా" అన్నారు. తెలీదండీ, మనం చెప్పాలి అన్నాను. ఆదివారం అన్నదానం అయ్యాక వంటగది బల్ల మీదే ఫారం నింపాం, ఒక పేజీ, మీటర్ నంబరూ చారిటీ నంబరూ శాతమూ సంతకమూ. పాత బిల్లుల మీద కూడా నాలుగేళ్ళ వెనక్కి అడగొచ్చు, ఆయన ఇప్పుడు అటక మీది ఫైళ్ళు దించుతున్నారు. ఆ తమ్ముడికి కూడా చెప్పాను, టిఫిన్ సెంటర్‌కి 33 యూనిట్లు ఎక్కడా సరిపోవు గానీ, లీజు మీద సంతకం పెట్టేముందే ఆ షాపు మీటర్ ఏ కాంట్రాక్ట్ మీద ఉందో, డీమ్డ్ రేటు ఎంతో కాగితం మీద రాయించుకో అని.